ఎవరి కుక్కకి ఎవరి కొండ?

"పెట్ ఫ్రెండ్లీ క్యాంపింగ్" అనే మాట మన పిల్లల ఫోన్లలోకి కూడా వచ్చేసింది. పెంపుడు కుక్కని కారులో ఎక్కించుకొచ్చి, కొండ పక్కనో చెరువు గట్టునో గుడారం వేసుకుని రాత్రి ఉండిపోవడం అని దాని అర్థం. లంబసింగి, వంజంగి వైపు చలికాలంలో అద్దె టెంట్లు బారులు తీరడం మొదలై చాలా ఏళ్లయింది. ఇప్పుడు చూపు ఇటు తిరుగుతోంది. పలాసలో రైలు దిగితే మందస ఎంతో దూరం లేదు. మందసలో తలెత్తితే మహేంద్రగిరి. 1,501 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలో, గజపతి జిల్లాలో ఉంది. ఈ వైపు వాలు, గెడ్డలు, పోడు మెట్టలు, పనస చెట్లు, వాటి మధ్య గూడలు మాత్రం మనవి. వీడియోల్లో ఈ వాలునే చూపించి "ఎవరూ లేని ప్రశాంతమైన చోటు" అంటున్నారు.

ఎవరూ లేరట!

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను కుక్కకి శత్రువుని కాను. ఏ సవర గూడకి వెళ్లినా మనిషి కంటే ముందు పలకరించేది కుక్కే. మన భాషలో కిన్సోడ్. పోడులో కంది, జొన్న చేతికొచ్చే రోజుల్లో మంచె మీద మనిషి కునుకు తీస్తాడు గాని కింద కుక్క తీయదు. అడవిపంది అలికిడి దానికే ముందు తెలుస్తుంది. గంజి నీళ్లు తాగి జీతం లేకుండా కాపలా కాసేది అదొక్కటే. కాబట్టి పట్నంవాళ్లు కుక్కని కన్నబిడ్డలా చూసుకుంటున్నారంటే నాకు నవ్వూ రాదు, కోపమూ రాదు. నా కోపం వేరే చోట ఉంది.

మన కుక్కకి అడవిలో ఏం పేరు పెట్టారో గుర్తు చేసుకోండి. కట్టెలకో అడ్డాకులకో వెళ్లినవాడి వెనక కుక్క కనబడితే చాలు, "వేటకి వచ్చావురా" అనేవాళ్లు. మా మావని అలాగే ఆపారు. చేతిలో కత్తి కట్టెలు కొట్టడానికి, వెంట కుక్క ఎలుగుబంటి భయానికి. ఆ రెండూ కలిపి చూసిన ఉద్యోగికి వేటగాడు కనిపించాడు. కత్తి లాక్కున్నారు, పూటంతా కూర్చోబెట్టారు. ఇలాంటి కథ ఒకటైనా లేని ఇల్లు మన గూడల్లో ఉంటే చూపించండి. ఇవాళ అదే అడవి అంచున పట్నం కుక్క గొలుసు లేకుండా పరుగెడితే, దానికి ఫోటోలు తీస్తున్నారు. మన కుక్క నేరానికి సాక్ష్యం, వాళ్ల కుక్క అతిథి.

నిప్పు సంగతీ ఇంతే. మనం పోడు కాలిస్తే అడవిని తగలబెట్టేవాళ్లం. వాళ్లు గుడారం ముందు మంట వేసుకుంటే క్యాంప్ ఫైర్. 1967 అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం ఎవరికైనా నేరమే. ఆ కాగితం మీద కులం, ఊరు, కారు నంబరు రాసి లేవు.

ఉపాధ్యాయ మిత్రులకి ఒక పని చెబుతాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసి "వేట" అన్న మాటకి అక్కడ ఏం అర్థం ఇచ్చారో పెద్ద తరగతుల పిల్లల చేత చదివించండి. చంపడం, ఉచ్చు వేయడం, తరమడం మాత్రమే కాదు. పక్షుల గుడ్లు, సరీసృపాల గుడ్లు పాడుచేయడం, గూళ్లని కదిలించడం కూడా ఆ అర్థంలోకి వస్తాయి. ఇది చదివించాక పిల్లల్ని ఉద్దానం తీరానికి తీసుకెళ్లండి. చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఈ తాబేలు ఆ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఉంది. ఇసుక కింద గుడ్డు వాసన కుక్క ముక్కుకి ఇట్టే తెలుస్తుంది, కాళ్లతో తవ్వేస్తుంది. అది దాని తప్పు కాదు, పుట్టుక. ఊరకుక్కలు, నక్కలు తవ్వకుండా గుడ్లు ఏరి హేచరీల్లో పాతిపెట్టే పని మన తీరంలో జరుగుతోంది. ఆ పక్కనే గుడారం వేసి, తెల్లవార్లూ లైటు పెట్టి, కుక్కని వదిలేస్తే ఏమవుతుంది? గుడ్లు కుక్క పాలు. పొదిగి బయటపడ్డ పిల్లలు సముద్రం వెలుగు అనుకుని లైటు వైపు పాకుతాయి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం కూడా ఇలాంటిదే. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు అక్కడ ఎక్కడో అడవిలో కాదు, ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఆ రెట్టల వాసన, గోల భరిస్తూ ఆ ఊరివాళ్లు వాటిని కాపాడుకొస్తున్నారు. పక్షులు వస్తేనే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. కొత్త కుక్క చెట్టు కింద మొరిగితే తల్లి పక్షి లేచిపోతుంది. అది తిరిగి వచ్చేలోగా గుడ్డు కాకి నోట్లో ఉంటుంది.

ఇక ఎలుగుబంటి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే గుడారాల ప్రకటనల్లో ఇది ఎక్కడా కనబడదు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో ఎలుగు తిరగడం ఉద్దానం వాళ్లకి కొత్త కాదు. జీడిపండ్ల కాలంలో మరీను. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు మనుషుల మీద పడింది. ఒక రైతు ప్రాణం పోయింది, మరికొందరు గాయాలతో ఆసుపత్రిలో చేరారు. చివరికి పట్టుబడిన ఆ ఎలుగూ బతకలేదు. ఎలుగుకి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. దగ్గరికి వచ్చేదాకా మనిషిని గమనించదు, గమనించాక పారిపోవడం కంటే మీద పడటమే దానికి తెలుసు. అలవాటున్న గూడ కుక్క దూరం నుంచే మొరిగి మనల్ని హెచ్చరిస్తుంది, అంతకు మించి పోదు. పట్నం కుక్క దాన్ని ఎప్పుడూ చూసి ఉండదు. సరదాగా వెంటబడుతుంది. ఎలుగు తిరగబడితే అది ఎక్కడికి పరుగెడుతుంది? తన యజమాని దగ్గరికే, గుడారంలోకే. వెనకే ఎలుగు. గుడారం గుడ్డ ఎలుగు గోరుకి ఎంతసేపు ఆగుతుందో చెప్పనక్కర్లేదు. మర్నాడు పేపర్లో "ఎలుగు దాడి" అని వస్తుంది. ఆ తర్వాత అడవిలోకి వెళ్లొద్దని మన ఆడవాళ్లకి చెబుతారు. కోపంతో ఉన్న ఆ ఎలుగుకి రేపు ఎదురయ్యేది జీడిపిక్కలు ఏరుకునే మనిషే గాని, ఆదివారం సాయంత్రం కారెక్కి వెళ్లిపోయినవాడు కాదు.

రోగాల మాట క్లుప్తంగా చెబుతాను. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు వెయ్యి సింహాలు కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్ వల్ల చచ్చిపోయాయి. 2018లో మన దేశంలోనే, గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు కొద్ది వారాల్లో చనిపోతే, పరీక్షల్లో ఇదే వైరస్ బయటపడింది. నక్క, తోడేలు, రేసుకుక్క అన్నీ ఈ జబ్బుకి దొరికేవే. రోగం అటు నుంచి ఇటూ వస్తుంది, ఇటు నుంచి అటూ పోతుంది. టీకా వేయని మన కుక్క వల్ల వాళ్ల కుక్కకీ ముప్పే. అందుకే ఏటా జులై 6న జూనోసిస్ దినం నాడు పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు కదా, బడి పిల్లలే పూనుకుని గూడలో కుక్కలన్నిటినీ తోలుకెళ్లాలి.

"విదేశాల్లో అన్ని చోట్లా కుక్కల్ని రానిస్తారు, మనమే వెనకబడ్డాం" అని ఒక యువకుడు నాతో వాదించాడు. రానిస్తారా? అమెరికాలో జాతీయ పార్కుల్లో కుక్క మెడకి ఆరు అడుగులకి మించని తాడు ఉండాలి. ఎల్లోస్టోన్ పార్కులో అయితే కుక్క రోడ్డుకి, క్యాంపు స్థలానికి 100 అడుగుల లోపలే తిరగాలి, నడక దారుల్లోకి అసలు రానివ్వరు. కారణం అక్కడా ఎలుగుబంట్లే, తోడేళ్లే. అక్కడి టెంటు ఫోటో మన వాళ్లకి నచ్చింది గాని అక్కడి తాడు నచ్చలేదు.

అసలు జబ్బు "ఎవరూ లేని చోటు" అన్న మాటలో ఉంది. సోంపేట బీల గుర్తుందా? వర్షం నీళ్లు నిలిచి, చేపలు, తుంగ, పశువుల మేత, దిగువ పొలాలకి తడి ఇచ్చే నేల అది. థర్మల్ ప్లాంటు కోసం దాన్ని పనికిరాని బంజరు అని రాసేశారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ప్లాంటు రాలేదు. బీల బీలగానే ఉంది. బంజరు అన్నది నేల గుణం కాదు, చూసినవాడి అవసరం. అవసరం థర్మల్‌ది అయితే బంజరు, టెంటుది అయితే ప్రశాంతమైన చోటు. రెండు మాటల్లోనూ మనం లేము. గుడారాన్ని తుపాకీతో పోల్చడం పెద్ద మాటే, ఒప్పుకుంటాను. కాని ఎవరినీ అడగక్కర్లేదన్న ధోరణి రెండింటిలోనూ ఒక్కటే.

"మన కుర్రాళ్లకి పని దొరుకుతుంది కదా" అంటారు. దొరకనీ, నాకేం బాధ? కాని ఏ పని? టెంటు మోసేది మనవాడు, కట్టెలు తెచ్చేది మనవాడు, కుక్క వెంటబడితే పోయే కోడి మన అవ్వది, ఫోన్లో బుకింగ్ డబ్బు మాత్రం ఊరు తెలియనివాడిది. షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే 1/70 ఉంది, గిరిజనేతరుడు భూమి కొనలేడు. మందస, మెళియాపుట్టి వైపు మన గూడలు చాలా వరకు నాన్ షెడ్యూల్డ్. ఇక్కడ 1/70 లేదు, పెసా లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట ఐటీడీఏ కూడా పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది. మెట్ట అమ్మమని ఒకడు వచ్చి అడిగితే అడ్డుపడే చట్టం ఏదని పిల్లలు అడుగుతున్నారు. ఐదో షెడ్యూల్లో చేర్చమనే కొట్లాట ఆగకూడదు. అది తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు కూడా.

2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డా కాదా అని అడగదు. అది దేశమంతటికీ ఒక్కటే. దాని 5వ సెక్షన్ చదవండి. హక్కుదారులున్న చోట, సామూహిక అటవీ వనరుల్లోకి ఎవరు ఎలా రావాలో నియంత్రించడానికి, అడవికీ వన్యప్రాణులకీ చెరుపు చేసే పనిని ఆపడానికి గ్రామసభ నిర్ణయం చేయవచ్చు. పోడు పట్టా చేతికొస్తే చాలు అనుకుని మనలో చాలామంది ఆ పేజీ దాకా రాలేదు. సామూహిక హక్కుకి దరఖాస్తు పెట్టని గూడలు ముందు అది పెట్టాలి. సభకి సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. గెడ్డ ఎక్కడ ఎండుతుందో, ఎలుగు ఏ దారిన దిగుతుందో తెలిసింది వాళ్లకే కాబట్టి, నా లెక్కలో మూడో వంతు కూడా తక్కువే.

తీర్మానంలో ఏం రాయాలని అడిగేవాళ్లకి మా ఆలోచన ఇది. అడగకుండా గుడారం వేయకూడదు. వేసే చోటు గూడ చూపిస్తుంది, అద్దె గూడ ఖాతాలో పడుతుంది. మనం తాగే గెడ్డకి, ఊటకి దగ్గర్లో వేయకూడదు. కుక్క మెడకి తాడు, టీకా కాగితం రెండూ ఉండాలి, దాని మలం సంచిలో ఎత్తి పట్టుకుపోవాలి. జీడిపండ్ల కాలంలోనూ, మహువా పువ్వు రాలే రోజుల్లోనూ కుక్కతో అసలు రాకూడదు, ఎందుకంటే అప్పుడు ఎలుగు కిందికి దిగుతుంది. మన పండగ రోజుల్లో ఎవరూ రాకూడదు, పిలిస్తే తప్ప. మంట వేయకూడదు. కోడి పోతే కోడి ధర కట్టాలి. ఈ చివరిది ఒక ముసలమ్మ చేర్పించింది, అందరూ నవ్వారు గాని ఆమె నవ్వలేదు.

దారి మొదట్లో పెట్టే బోర్డు మీద ఇవే మాటలు తెలుగులోనూ సవరలోనూ రాయాలని మా బడి పిల్లలు పట్టుబట్టారు. సవరని తెలుగు అక్షరాల్లో రాద్దామా, 1936లో మంగై గొమాంగో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపిలో రాద్దామా అని వాళ్లలో వాళ్లకి పెద్ద తగువు. వచ్చే పోయేవాడికి అర్థం కావాలని కొందరు, వాడికి అర్థం కాకపోయినా ఇక్కడొక భాష ఉందని తెలియాలని కొందరు. టెంట్లు వచ్చేది నవంబరులో. ఆ లోపల తేల్చుకోమన్నాను.