బుద్ధుడికి దండ, టిబెట్‌కు మొండిచెయ్యి

చలి మొదలైందంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పక్కన ఖాళీ జాగా దొరికిన చోటల్లా స్వెట్టర్ల కొట్లు వెలుస్తాయి. వెదురు బొంగులు, పైన టార్పాలిన్, తాళ్ళకు వేలాడే ఉన్ని టోపీలు, మఫ్లర్లు, జర్కిన్లు. కొట్లో కూర్చున్న ఆడవాళ్ళను చూసి మనవాళ్ళు "నేపాలోళ్ళు" అంటారు. ఇంకొందరు "చైనావోళ్ళు" అంటారు. ఏ దేశం తమ దేశాన్ని మింగిందో ఆ దేశం పేరుతోనే వాళ్ళను పిలుస్తున్నామన్న సంగతి పిలిచేవాళ్ళకు తెలియదు. వాళ్ళు టిబెటన్లు.

టీటీసీ పూర్తిచేసి, డిఎస్సీ కోచింగ్ కోసం నేను మా కోయ గూడెం నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన ఏడాది చలి బాగా పెట్టింది. ఒక రూములో ఐదుగురం. కప్పుకోవడానికి దుప్పట్లు మూడే. నెలాఖరుకు మిగిలిన డబ్బుతో ఒక కొట్లో స్వెట్టర్ బేరమాడాను. నాకూ హిందీ అంతంతే, ఆ అక్కకూ అంతంతే. "నేపాల్‌లో ఏ ఊరు అక్కా?" అన్నాను. "నేపాల్ కాదు భయ్యా, టిబెట్" అంది. "మరి ఎప్పుడు పోతారు ఇంటికి?" అని అడిగాను. ఆమె నవ్వింది. తాను పుట్టింది కర్ణాటకలోని ముండగోడ్‌లోనట. టిబెట్‌ను ఒక్కసారి కూడా చూడలేదట. సరుకు లూధియానాలో అప్పు మీద తెస్తారు, మూడు నెలలు అమ్ముతారు, అప్పు తీర్చి వెళ్తారు. అడిగిన ధరకు నలభై రూపాయలు తగ్గించి ఇచ్చింది. తన ఊరిని చూడకుండానే ఆ ఊరి పేరు చెప్పుకుని బతికే మనిషిని నేను మొదటిసారి చూసింది అక్కడే.

తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, బదిలీలు అయ్యాయి. ఇప్పుడు పిల్లల చదువు కోసం మళ్ళీ ఎల్బీనగర్ వైపే ఇల్లు తీసుకున్నాను. మొన్న ఒక బుద్ధ పూర్ణిమకు ఇక్కడి కమ్యూనిటీ హాల్లో సభ పెట్టి, ఆదివాసీ టీచర్‌నని నన్ను కూడా మాట్లాడమన్నారు. పంచశీల చదివారు. బుద్ధుడి విగ్రహానికి దండ వేశారు. నా వంతు వచ్చినప్పుడు ఒకే ఒక్క మాట అడిగాను. టిబెట్ ప్రజలకు మద్దతుగా నాలుగు వాక్యాల తీర్మానం చేద్దామన్నాను. వేదిక మీద ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అవన్నీ రాజకీయాలు సార్, మనకెందుకు? ధమ్మం గురించి చెప్పండి" అన్నారు. ఈ వ్యాసం వాళ్ళకు జవాబు.

నేను బౌద్ధుణ్ణి కాను. మా ఇలవేల్పులు మాకున్నారు. కానీ బుద్ధుణ్ణి నమ్ముకున్నామని చెప్పేవాళ్ళు బుద్ధుడు చేసిన పనిని "రాజకీయం" అని పక్కన పెడుతుంటే చూస్తూ ఊరుకోలేను.

బుద్ధుడు ఎవరు? మహారాజు కొడుకని పాఠ్యపుస్తకాల్లో చెబుతాం. నిజానికి శాక్యులది ఒక గణం. సభలో కూర్చుని కలిసి నిర్ణయించుకునే జనం. మా గూడెంలో పటేల్, పూజారి, పెద్దలు కూర్చుంటారే, దానికి దగ్గరగా ఉండేది. రోహిణి నది నీళ్ళ కోసం శాక్యులూ కోలియులూ కత్తులు దూసినప్పుడు బుద్ధుడు మధ్యకు వెళ్ళి నిలబడ్డాడని బౌద్ధ గ్రంథాలే చెబుతున్నాయి. అంబేడ్కర్ అయితే సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి కారణమే ఆ నీటి తగాదా అని రాశాడు. కోసల రాజు విడూడభుడు శాక్యుల మీదికి దండెత్తినప్పుడు బుద్ధుడు ఏం చేశాడు? సరిహద్దులో ఆకులు సరిగా లేని చెట్టు కింద ఎండలో కూర్చున్నాడు. పక్కనే నీడనిచ్చే చెట్టుండగా ఇక్కడెందుకని రాజు అడిగితే, నావాళ్ళ నీడే నాకు చల్లన అన్నాడు. మూడుసార్లు ఆ సైన్యం వెనుదిరిగింది. నాలుగోసారి బుద్ధుడు రాలేదు, శాక్యులు మిగలలేదు. వజ్జి గణం మీద యుద్ధానికి పోదామనుకున్న అజాతశత్రువు తన మంత్రిని పంపితే, వజ్జులు సభలు జరుపుకుంటూ, ఐకమత్యంగా, పెద్దలను గౌరవించుకుంటూ ఉన్నంతకాలం వాళ్ళకు క్షీణత లేదని చెప్పి పంపాడు. ఇది రాజకీయం కాకపోతే ఏమిటి? పెద్ద రాజ్యం చిన్న జనాన్ని మింగబోతుంటే ఎండలో కూర్చున్న మనిషి విగ్రహానికి మీరు ఏసీ హాల్లో దండ వేస్తున్నారు!

1950 అక్టోబరులో చైనా సైన్యం టిబెట్‌లోకి వచ్చింది. 1951 మే 23న పదిహేడు అంశాల ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకుంది. 1959 మార్చి 10న లాసాలో జనం తిరగబడ్డారు. ఆ నెలాఖరుకు దలైలామా కొండలు దాటి మన దేశం చేరాడు. వెనకాల వేలమంది వచ్చారు. రాలేనివాళ్ళ కథ అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. 1995లో దలైలామా పంచెన్ లామాగా గుర్తించిన ఆరేళ్ళ పిల్లవాడు గెధున్ చోకీ నీమాను మూడు రోజుల్లో ఎత్తుకుపోయారు. ఈనాటికీ ఆ పిల్లవాణ్ణి లోకానికి చూపించలేదు. 2007లో ఇంకో నిబంధన తెచ్చారు, లామాలు మళ్ళీ పుట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలట! దేవుడే లేడనే పార్టీ ఎవరు ఎక్కడ పుట్టాలో నిర్ణయిస్తుంది. ఇది కూడా "మనకెందుకు" అనుకునే విషయమేనా?

పోనీ, టిబెట్ మనకు దూరపు ఊరా? ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రింగ్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం దాటి పోతే నాగార్జునసాగర్. శ్రీపర్వతం అక్కడిదే. ఆచార్య నాగార్జునుడి పుస్తకాలు చదవకుండా టిబెట్‌లో ఏ భిక్షువు చదువూ పూర్తికాదు. అమరావతి పాత పేరు ధాన్యకటకం. లాసా దగ్గర 1416లో కట్టిన పెద్ద ఆరామం పేరు డ్రెపుంగ్, అంటే ధాన్యపు కుప్ప. మన ధాన్యకటకం పేరే వాళ్ళ భాషలోకి మార్చి పెట్టుకున్నారు. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని వాళ్ళ నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చాడు. మన ఊరి పేరును ఆరు వందల ఏళ్ళు కాపాడినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ఆరామం ఇప్పుడు ముండగోడ్‌లో ప్రవాసంలో ఉంటే, మనం సాగర్‌లో బుద్ధవనం కట్టి 2022లో తెరిచి సెల్ఫీలు దిగుతున్నాం. విగ్రహాలకు జాగా ఉంది, మనుషులకు లేదు.

కామ్రేడ్లు కొందరు అడుగుతారు. పాత టిబెట్‌లో మఠాలకు జాగీర్లు లేవా, పేదలు వెట్టి చేయలేదా అని. ఉన్నాయి, చేశారు. దాన్ని దాచే అవసరం నాకు లేదు. దలైలామా కూడా మార్పు కావాలనే అన్నాడు. కానీ వెనకబడ్డవాళ్ళను బాగుచేయడానికి వచ్చామనే మాట మా ఆదివాసులకు కొత్త కాదు. రోడ్డు వేస్తాం, బడి కడతాం, కరెంటు ఇస్తాం అన్నారు. ఆ వెంటనే అడవి పోయింది, భూమి పోయింది. నిజాం జమీందారీ దుర్మార్గమైంది కాబట్టి తెలంగాణను ఎవరైనా వచ్చి ఏలుకోవచ్చు అంటే ఒప్పుకుంటారా? 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కుమ్రం భీం అడిగింది మంచి దొరను కాదు. మా ఊళ్ళో మా రాజ్యం అన్నాడు. దొరతనం తప్పయితే అది కూల్చే హక్కు అక్కడి పేదవాడిది. బయటి సైన్యానిది కాదు.

మా ఆదివాసీ మిత్రుల ప్రశ్న దీనికంటే గట్టిది. దాన్ని దాటేయను. టిబెటన్లకు 1960, 70లలో జాగాలు ఇచ్చింది ఎక్కడ? ఒడిశాలో సవరల గడ్డ మీద చంద్రగిరిలో. ఛత్తీస్‌గఢ్‌లో మైన్‌పాట్‌లో. మహారాష్ట్రలో గోండుల ప్రాంతమైన గోఠన్‌గావ్‌లో. ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళకు సర్కారు భూమి ఇచ్చింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని మన అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల గుడిసెలను మాత్రం పీకేస్తున్నారు. వాళ్ళ పిల్లలకు కుల సర్టిఫికెట్ కూడా దొరకదు. పోలవరం కింద మునిగే మా కోయ ఊళ్ళ గోడు ఎవరు విన్నారు? మా ఏడుపు వినని లోకంలో మేం టిబెట్ కోసం ఎందుకు ఏడవాలి?

న్యాయమైన కోపమే. కానీ గురి తప్పిన కోపం. ఇచ్చింది సర్కారు, ఇవ్వనిదీ సర్కారే. స్వెట్టర్ అమ్ముకునే అక్క మన భూమి లాక్కోలేదు. ఇల్లు పోయినవాడికి జాగా ఇవ్వడం ఎలా ఉంటుందో సర్కారుకు తెలుసని టిబెటన్ల విషయంలో రుజువైంది. అదే న్యాయం గుత్తికోయలకు చేయమని అడగడానికి మనకు దొరికిన ఆధారం అది. వాళ్ళది లాగేయమనడం కాదు, మాకూ ఇవ్వమనడం. పైగా మనల్ని ముంచేదీ వాళ్ళను ముంచేదీ ఒకే రకం. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి కొండ మీదికి చేర్చి, మిగిలింది సాగర్ నీళ్ళకు వదిలేశాం. 2024 ఫిబ్రవరిలో తూర్పు టిబెట్‌లోని దెర్గేలో డ్యామ్ కింద తమ ఊళ్ళూ పాత ఆరామాలూ మునుగుతాయని భిక్షువులు, ఊరివాళ్ళు రోడ్డు మీద మోకరిల్లితే అరెస్టు చేశారు. ఆ వార్త చదువుతుంటే నాకు మా గోదారి ఒడ్డు ఊళ్ళే కనిపించాయి.

టీచర్‌గా నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది బడి. సుమారు 10 లక్షల మంది టిబెటన్ పిల్లలను ఇళ్ళకు దూరంగా హాస్టల్ బడుల్లో పెట్టి చైనీస్‌లో చదివిస్తున్నారని 2023 ఫిబ్రవరిలో ఐక్యరాజ్య సమితి నిపుణులు చెప్పారు. నేనూ ఆశ్రమ పాఠశాలలో చదివినవాణ్ణే. కోయ మాట్లాడితే చెయ్యి చాపమని బెత్తంతో కొట్టించుకున్నవాణ్ణే. ఇంటికెళ్తే అవ్వ చెప్పే కథ సగమే అర్థమయ్యేది. ఆ సగం నాకు మళ్ళీ దొరకలేదు. అయితే రెండూ ఒకటే అని మాత్రం అనను. ఇక్కడ నేను దెబ్బలు తిన్న సంగతి రాసి ఈ పుస్తకంలో అచ్చు వేయించుకోగలను. అక్కడ టాషీ వాంగ్‌చుక్ అనే చిన్న వ్యాపారి, మా పిల్లలకు మా భాష నేర్పండని విలేకరుల ముందు అడిగినందుకు 2016 నుంచి 2021 దాకా ఐదేళ్ళు జైల్లో ఉన్నాడు. అడిగింది దేశం కాదు, అక్షరాలు!

ఎల్బీనగర్ వాసులకు ఇంకో మాట చెప్పాలి. 2009 నవంబరు 29న ఇదే చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబరు 3న చనిపోయాడు. అదే 2009 ఫిబ్రవరిలో టిబెట్‌లోని ఙాబాలో ఒక యువ భిక్షువు ఒంటికి నిప్పంటించుకున్నాడు. అప్పటినుంచి 150 మందికి పైగా అలా కాలిపోయారు. నేను ఆ చావులను పొగడను. బడిలో పిల్లలకు కూడా చెబుతాను, పోరాటానికి బతికున్న మనిషి కావాలి, బూడిద కాదు అని. కానీ ఒక బిడ్డ కాలితే ఆ తల్లి ఎలా ఏడ్చిందో కళ్ళారా చూసినవాళ్ళం మనం. 2014 జూన్ 2న మనకు రాష్ట్రం వచ్చింది. వాళ్ళకు ఇంకా ఏమీ రాలేదు. ఈ చౌరస్తాలో విగ్రహానికి దండం పెట్టి పోయేవాళ్ళు "టిబెట్ గొడవ మాకు అర్థం కాదు" అనడానికి వీల్లేదు.

అంబేడ్కర్ పేరు చెప్పే బౌద్ధులకైతే అసలే వీల్లేదు. 1954 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం టిబెట్‌ను చైనాలో ప్రాంతంగా ఒప్పుకుంటూ పంచశీల ఒప్పందం చేసుకుంది. ఆ ఆగస్టులోనే రాజ్యసభలో అంబేడ్కర్ దాన్ని తప్పుపట్టాడు. మావోకు పంచశీల మీద నిజంగా నమ్మకం ఉంటే తన దేశంలోని బౌద్ధులను అలా చూడడని నిలదీశాడు. రెండేళ్ళ తర్వాత, 1956 అక్టోబరు 14న దీక్ష తీసుకున్నాడు. ఆయన ధమ్మంలోకి రాజకీయం వదిలేసి రాలేదు, వెంటబెట్టుకునే వచ్చాడు. మీరెప్పుడు వదిలేశారు?

ఒక హెచ్చరిక కూడా. టిబెటన్లు మన మతంవాళ్ళు కాబట్టి మద్దతు ఇస్తామంటే అది ధమ్మం కాదు, కులం. ఎల్బీనగర్‌కు ఎంతో దూరం లేని బాలాపూర్‌లో రోహింగ్యాలు గుడిసెల్లో ఉంటున్నారు. వాళ్ళను తరిమింది బౌద్ధులు ఎక్కువగా ఉన్న మయన్మార్. వాళ్ళ గురించి నోరు మెదపని బౌద్ధుడు టిబెట్ గురించి ఎంత అరిచినా నమ్మను.

యుద్ధం చేయమని ఎవరూ అడగడం లేదు. దలైలామా అడిగేది కూడా చైనాలోనే ఉంటూ నిజమైన స్వయంపాలన. పూర్తి స్వాతంత్ర్యమే కావాలనే టిబెటన్ యువకులూ ఉన్నారు. ఏది కావాలో తేల్చుకోవాల్సింది వాళ్ళు. మనం చేయాల్సింది చిన్నదే. వచ్చే బుద్ధ పూర్ణిమకు ప్రతి సంఘమూ తీర్మానం చేయాలి. మార్చి 10న ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక గంట నిలబడాలి. మన ఎంపీలకు ఉత్తరాలు రాయాలి, ఒకే కాగితం మీద టిబెటన్ల పేరూ గుత్తికోయల పేరూ ఉండాలి. టీచర్లు పిల్లలకు మ్యాప్‌లో టిబెట్‌ను చూపించాలి.

ఇదీ కష్టమనిపిస్తే, ఈ చలికాలం దిల్‌సుఖ్‌నగర్‌లో స్వెట్టర్ కొనేటప్పుడు "నేపాలా?" అని అడక్కండి. "టిబెట్‌లో మీది ఏ ఊరక్కా?" అని అడగండి. చెప్పింది విని, మీ సంఘం సభకు పిలిచి, మైకు ఆమె చేతికివ్వండి. దండ తర్వాత వేయొచ్చు.