పెళ్ళినాటి జాకెట్టు

ఒకప్పుడు పేరంటానికి వెళితే "పిల్లలెందరమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు "ఎన్ని కిలోలు తగ్గావు?" అని అడుగుతున్నారు. పోనీ, అడగనివ్వండి. ఆ మాటకి జవాబు చెప్పీ చెప్పకముందే రెండో ప్రశ్న వచ్చి పడుతుంది: "ఇంకా ఎన్ని తగ్గాలి?" నా కోపమంతా ఈ రెండో ప్రశ్న మీదే.

మా పిన్ని కూతురు రెండేళ్ళ క్రితం లావు తగ్గే ఆపరేషను చేయించుకుంది. పొట్టమీది కొవ్వు తీసేది కాదు, లోపల జీర్ణకోశంలోనే సుమారు మూడొంతులు కత్తిరించేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచేది. స్లీవ్ అంటారు. మనిషి ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆపరేషను నాటికి 110 కిలోలు. షుగరుంది, బి.పి. ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. రాత్రిళ్ళు గురక పెడుతూ పెడుతూ ఊపిరాడక ఉలిక్కిపడి లేచేది. ఏడాదిన్నర తిరిగేసరికి 79కి వచ్చింది. డాక్టరుగారు షుగరు మాత్రలు ఆపేశారు. గురక పోయింది. రెండంతస్తులు ఆగకుండా ఎక్కుతోంది.

ఇంకేం, సంబరంగా ఉంటుందనుకుంటూ సంక్రాంతికి వెళ్ళాను. వెళ్ళి చూద్దునుగదా, మొహం వేలాడేసుకుని కూచుంది. జుట్టు సగానికి సగం ఊడింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఇంటిల్లిపాదీ అరిసెలూ, పులిహోరా తింటూంటే దాని ముందు గ్లాసుడు నీళ్ళమజ్జిగ, నాలుగు కీరా ముక్కలు.

"ఏమిటే ఇది?" అన్నాను.

"నేను ఫెయిలయ్యానక్కా," అంది.

బీరువా తీసి జాకెట్టొకటి చూపించింది. చిలకపచ్చ పట్టుది, బుట్టచేతులది. పెళ్ళినాటిది. అప్పుడు 56 కిలోలుండేదిట. ఆసుపత్రి గోడమీది చార్టు చూస్తే ఆ ఎత్తుకి 57కి మించకూడదని ఉందిట. రెండంకెలూ అంత దగ్గిరగా ఉండేసరికి పిచ్చిదానికి సాక్షాత్తూ దేవుడే చెప్పినట్టనిపించింది. ఆపరేషనుకి వెళ్ళే ముందురోజే క్యాలెండరు వెనక 57 అని రాసిపెట్టుకుంది. ఆసుపత్రిలో ఎవరూ 'ఇది కాదమ్మా' అనలేదు. "ప్రయత్నించండి మేడమ్" అన్నారట. ఇంట్లో వాళ్ళత్తగారు, "అంత డబ్బు పోశాక ఆమాత్రం తగ్గకపోతే ఎలా?" అన్నారట. ఆవిడ ఉద్దేశం చెడ్డది కాదు లెండి. చీర కొన్నాక జరీ నిఖార్సైనదేనా అని చూసుకోమూ? అలాగే అడిగారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. చాకలిపద్దు కంటే కష్టమైనదేం కాదు.

ఇలాంటి ఆపరేషన్ల తరవాత మనిషి తన మొత్తం బరువులో సగటున నూటికి 25 నుంచి 30 వంతులు తగ్గుతుంది. కొందరు ఎక్కువ, కొందరు తక్కువ. 110లో నూటికి ముప్ఫై వంతులంటే 33 కిలోలు. మిగిలేది 77. పాతిక వంతులే తగ్గితే ఎనభై రెండున్నర. అంటే 79 ఫస్టుక్లాసులో పాసైన మార్కన్నమాట! 57కి రావాలంటే 53 కిలోలు పోవాలి, ఇంచుమించు సగం మనిషి కరిగిపోవాలి. అలా కరిగినవాళ్ళు అసలు లేరనను. అలాంటి ఒకరిద్దరి ఫోటోలే నాలుగురోడ్ల కూడలిలో బోర్డుమీద వేలాడుతూంటాయి, ముందు ఇలా, తరవాత ఇలా అని. ఆ 'తరవాత' ఎన్ని నెలల తరవాతో, ఐదేళ్ళ తరవాత ఆ మనిషి ఎలా ఉందో ఆ బోర్డు చెప్పదు.

ఐదేళ్ళ సంగతే ఇక్కడ అసలు సంగతి. ఏడాది, రెండేళ్ళకి తూకం అన్నిటికంటే కిందికి వస్తుంది. ఆ తరవాత కాస్త పైకెక్కి నిలుస్తుంది. స్వీడన్ దేశంలో 1987లో మొదలుపెట్టి, ఆపరేషను చేయించుకున్నవాళ్ళనీ చేయించుకోనివాళ్ళనీ ఏళ్ళ తరబడి గమనించారు. 2007లో అచ్చయిన వాళ్ళ లెక్క ప్రకారం, స్లీవ్ కంటే పెద్దదైన బైపాస్ ఆపరేషను చేయించుకున్నవాళ్ళు మొదటి రెండేళ్ళలో సగటున నూటికి 32 వంతులు తగ్గి, పదేళ్ళకి 25 వంతుల దగ్గిర నిలిచారు. ఆపరేషను చేయించుకున్న వర్గంలో మరణాలు కూడా తక్కువని ఆ లెక్కలోనే తేలింది. ప్రాణం దక్కించుకున్న ఆ మనుషుల్లో చాలామంది చార్టు ప్రకారం ఇంకా లావువాళ్ళే!

ఇంతకీ ఈ చార్టుల పుట్టుక తెలుసా? 'ఆదర్శమైన బరువు' అనే మాటని ఊరూరా ప్రచారం చేసింది ఏ ధన్వంతరీ కాదు, అమెరికాలో మెట్రొపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీ. తమ పాలసీదార్లలో ఎవరు తొందరగా పోతారో, ఎవరు పోరో చూసుకోవాలి కదా, ఆ లెక్కల్లోంచి 1940లలో ఓ పట్టిక వేశారు. 1959లో దాన్నే మార్చి 'కోరదగిన బరువు' అన్నారు. 1983లో మళ్ళీ దిద్ది అంకెలు కాస్త పెంచారు. అంటే 1982లో లావుగా ఉన్న మనిషి, ఏమీ తినడం మానకుండానే, 1983లో సరిపోయిన మనిషైపోయిందన్నమాట. ఆపరేషను ఎంత ఫలించిందో చెప్పడానికి చాలాకాలం సర్జన్లు ఈ 1983 పట్టికనే వాడారు. ఇప్పుడు వాడుకలో ఉన్న బి.ఎం.ఐ. సూత్రాన్ని పందొమ్మిదో శతాబ్దంలో కట్టినాయన క్వెటలే. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు. జనం మొత్తం మీద సగటులు తీయడం ఆయనకి సరదా. మా పిన్ని కూతురు ఏ జాకెట్టు తొడుక్కోవాలో చెప్పాలని ఆయన అనుకోలేదు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. 'మనవాళ్ళకి తక్కువ బరువుకే షుగరొస్తుంది, అందుకే మనకి 23 దాటితేనే ఎక్కువంటారు, అది అబద్ధమా?' అని. అబద్ధం కాదు. లావు కాని మనిషి ఎక్కడ ఆగాలో ఆ అంకె చెబుతుంది. పదిహేనేళ్ళు 110 కిలోలు మోసిన శరీరం ఎంతవరకూ వెనక్కి రాగలదో మాత్రం చెప్పదు. శరీరం పాత బరువుని అంత సులువుగా మరిచిపోదు. తూకం తగ్గిన కొద్దీ ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. గ్రెలిన్ అని ఆకలి పుట్టించే హార్మోను ఒకటుంది. అది ఎక్కువగా తయారయ్యే భాగాన్నే స్లీవ్ ఆపరేషనులో కత్తిరించేస్తారు. అందుకే అన్నేళ్ళ ఉపవాసాలు చేయలేని పని ఆ ఆపరేషను చేసింది. అయినా మిగిలిన శరీరమంతా తన పాత పద్దు పట్టుకుని కూచునే ఉంటుంది. దానితో పేచీ పెట్టుకుని 79 నుంచి 57కి దించుతానంటే, అది కొవ్వొక్కటే ఇవ్వదు. కండ ఇస్తుంది, జుట్టు ఇస్తుంది, రక్తం ఇస్తుంది. పైగా అంత తగ్గాక వేలాడే చర్మానికీ తూకం ఉంటుంది. అది ఏ కీరా ముక్కలకీ కరగదు.

"గురి పెద్దదిగా పెట్టుకుంటేనే కదా సగమైనా చేరేది," అని మా మరిది వాదించాడు. పరీక్షలకి చదివే కుర్రాడికి సరిపోతుందేమో ఆ మాట. ఇక్కడ గురి అందనప్పుడు మనిషి రెండే పనులు చేస్తుంది. పూర్తిగా తిండి మానేస్తుంది, లేదా 'ఎలాగూ ఫెయిలయ్యాను' అని జంతికల డబ్బా ముందేసుకుంటుంది. రెండోది చేసేవాళ్ళు డాక్టరు దగ్గిరికి వెళ్ళడమే మానేస్తారు, మొహం చెల్లక. అక్కడినుంచి తూకం నిజంగానే ఎక్కుతుంది.

ఇంకోటి గమనించారా? మా మరిది ఆఫీసులో ఒకాయన ఇదే ఆపరేషను చేయించుకున్నాడు. అందరూ ఆయన్ని అడిగింది "షుగరెంతకి దిగిందండీ?" అని. పెళ్ళినాటి సూటు పడుతోందా అని ఒక్కరూ అడగలేదు. ఆయన బొజ్జ ఇంకా ఆయన కంటే ఒక అడుగు ముందే గుమ్మం దాటుతుంది. ఆయన విజయవంతమైన పేషెంటు. ఇదేమో ఫెయిలు!

నన్నడిగితే, ఆపరేషను బల్ల ఎక్కకముందే ఆడమనిషి చేతిలో ఒక కాగితం పెట్టాలి. ఇంత ఉన్నావు, ఇంత నుంచి ఇంతలోపు రావచ్చు, ఆ తరవాత కొద్దిగా ఎక్కుతుంది, అది నీ తప్పు కాదు, అదుపు లేకుండా ఎక్కుతూంటే మాత్రం దాచుకోకుండా మా దగ్గిరికి రా, అని. ఒక్క అంకె కాదు, అటూ ఇటూ ఐదారు కిలోల జాగా. దానికి వచ్చే డాక్టరు ఫీజేదో ఇప్పటికే కడుతున్నాం. ఇంట్లో నలుగురితో కూచుని, రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కడుపులో పడేలా తింటూ, ఐరనూ బి-12 బిళ్ళలూ మరవకుండా వేసుకుంటూ, ఏ తూకం దగ్గిర మనిషి నిలబడగలదో అదీ ఆమె తూకం. బిళ్ళలు బతికున్నంతకాలమూ వేసుకోవలసిందే. మా పిల్ల వాటినీ మానేసింది, బిళ్ళలకి కూడా బరువుంటుందనుకుందో ఏమో!

ఆ సంక్రాంతి వెళ్ళాక రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గిరుంది. ఈసారి వేరే డాక్టరమ్మ చూసింది. ఆవిడ నోరు మంచిది కాదు, మనసు మంచిది. "57 ఎవరు చెప్పారమ్మా నీకు? 78కీ 83కీ మధ్య ఉండు, షుగరు చూపించు, చాలు. ముందు పోయి పెసరట్టు తిను," అని కసిరి పంపిందిట. మూడు నెలల్లో రక్తం పుంజుకుంది. తూకం 81 అయింది. ఆ రెండు కిలోలకీ ఫోనులో గంటసేపు ఏడ్చింది. వాళ్ళత్తగారు వెనకనుంచి "ఏడవకే, మొహంలో కళ వచ్చింది" అనడం నాకూ వినిపించింది.

మొన్న అన్నవరం నుంచి ఫోను చేసింది. కొండ మెట్లదారినే ఎక్కిందిట, మధ్యలో ఒక్కసారి కూచుని నీళ్ళు తాగిందిట. మా మరిది కార్లో వెళ్ళి పైన ఎదురుచూశాడుట. పచ్చజాకెట్టు విప్పించి, గుడ్డ కలిపి, సైజు పెంచి కుట్టించుకుందిట. చేతులు మాత్రం బుట్టచేతులే ఉంచమందిట. వింటూ వింటూ నేను, "తూకం ఇప్పుడెంతే?" అని నోటిదాకా తెచ్చుకున్నాను. పోపు మాడిపోతోందని చెప్పి ఫోను పెట్టేశాను.