నెత్తుటిలోని యజ్ఞాతవాసము

ఈ శీర్షికయందు మేము జ్వరములను గూర్చి పలుమారులు వ్రాసితిమి. ఈ మాసపు వ్రాత మా పొరపాటుతో మొదలగుచున్నది.

శ్రీకాకుళమున మా పొరుగింటామె యత్తగారు ఉద్దానపు మనిషి. సోంపేట చేరువను వారికి కొబ్బరితోట గలదు. ఆ ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి యెన్ని కుటుంబములను క్రుంగదీసినదో మన జిల్లావారికి చెప్పనక్కఱలేదు. దాని మూలకారణ మింకను నిశ్చయముగ తేలలేదు. 2023 డిసెంబరునందు పలాసలో దానికై పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రిని తెఱచిరి. ఈ పెద్దామెకును డయాలిసిస్ జరుగుచుండెను. అందులకై చేతియందు చేసిన నరపు కూర్పు ఇంకను పక్వము కాలేదు. అందుచే మెడలో నొక గొట్టము నుంచి, దాని ద్వారా నెత్తురు తీసి, శుద్ధిచేసి, మరల నెక్కించెడివారు. దీనికి తోడు మధుమేహము.

ఆమెకు జ్వరము తగిలి ఆఱు దినములైనను దిగలేదు. ఆసుపత్రిలో రెండుమారులు మందులు మార్చిరి. అప్పుడు కోడలు పరీక్షచీటి చేతబట్టుకొని మా గుమ్మములోనికి వచ్చి, “మేష్టరమ్మగారూ, విషం తక్కువనే గదండీ రాసినారు? ఇంటికి తెచ్చేసుకుంటాం మరి” అనెను. మా యింటివారి చలువవలన ఇంగ్లీషు చీటీలు చదువుట మాకు కొంత యలవడినది. ప్రోకాల్సిటోనిన్ అను మాటకెదుట కొలత స్వల్పముగనే హెచ్చియుండెను. “భయములేదు, తీసుకొనిరమ్ము” అని మేమే చెప్పితిమి. వైద్యురాలు పంపనందున సరిపోయినది గాని, మా మాటయే నెగ్గిన నేమయ్యెడిదో తలచుకొన్న నిప్పటికిని గుండె జల్లుమనును.

మేము చేసిన తప్పు వినుడు. నెత్తురు విషమెక్కుట యని మనవారనుదానిని వైద్యులు సెప్సిస్ అందురు. క్రిమి ప్రవేశించుట మాత్రమే సెప్సిస్ కాదు. దాని నెదుర్కొనబోయి దేహము తన్ను తానే గాయపఱచుకొనగా గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు చెడుట సెప్సిస్. దీనికి తఱచుగ కారణము బాక్టీరియాలను సూక్ష్మజీవులు. అవి నెత్తుట జొరబడినప్పుడు ప్రోకాల్సిటోనిన్ కొలది గంటలలోనే మిక్కిలి హెచ్చును. 1993 నుండి వైద్యులు దీనిని గుర్తుగా నెఱుగుదురు. కాని సెప్సిస్‌ను బూజుజాతి జీవులును కలిగింపగలవు. అట్టియెడ రోగి ప్రాణముమీదికి వచ్చినను ఈ కొలత పెక్కుమారులు కొంచెముగనే యుండును. రోగి బరువుగను, కొలత తేలికగను ఉన్నచో ఊఱడిల్లుటకు మాఱుగ అనుమానింపవలెను. అదియు కాక, మూత్రపిండములు చెడినవారికి ఈ కొలత జ్వరము లేనప్పుడు సైతము కొంత హెచ్చియుండవచ్చును. మేము చదివినది అంకెను, చూడనిది మనిషిని.

ఈ బూజుజాతిలో నెత్తుట జొచ్చువానిలో ముఖ్యమైనది కాండిడా. బూజనగానే 2021లో కరోనా వెంబడి వచ్చి, ముక్కును కన్నును తినివేసిన నల్లఫంగసు మీకు గుర్తుకు రావచ్చును. ఇది అది కాదు. కాండిడా మనకు పరాయిది కాదు. పసిబిడ్డల నాలుకపై పెరుగుతరకలవలె కనబడు నోటిపూత దీని పనియే. ఆరోగ్యవంతుల నోటను, ప్రేవులలోను ఊరక పడియుండును. బాక్టీరియాను చంపు మందులు బహుదినములు వాడగా, దానికి పోటీయైన జీవులు నశించి యిది పెచ్చుపెరుగును. ప్రేవుల శస్త్రచికిత్స, నెలలు నిండని శిశువు, పెద్ద నరములోని గొట్టము దీనికి తెఱచిన తలుపులు. గొట్టపు గోడను, బావిరాతిని నాచు పట్టినట్లు పట్టి, అచ్చటినుండి నెత్తుటిలోనికి దిగును. సంరక్షించువారి చేతులనుండి సోకు కాండిడాజాతియు నొకటి కలదు. గొట్టమును ముట్టువారెవరైనను చేతులు కడుగవలెననుట చాదస్తము కాదు.

దీనిని పట్టుటెట్లు? నెత్తురు సీసాలలో పోసి జీవి మొలకెత్తువఱకు కాచుట పాతపద్ధతి. నేటికిని అదియే ప్రధానము. కాని రెండుమూడు దినములు పట్టును. పైగా లోనవయవములందు కాండిడా దాగినవారిలో సుమారు సగముమందిని ఈ పరీక్ష కనిపెట్టజాలదు. జీవి దొరకనిచో దాని జాడను వెదకవలెను. విరాటపర్వమున దుర్యోధనుని చారులు పాండవులను గానక వట్టిచేతులతో మరలినప్పుడు భీష్ముడు చెప్పినదేమి? ధర్మరాజున్న దేశమున వానలు సకాలమున కురియును, ఆవులు సమృద్ధిగ పాలిచ్చును, ఆ గుర్తులను చూడుడని గదా! (కాండిడాను ధర్మరాజుతో పోల్చిన పాపము మాకు తగులకుండుగాక.)

అట్టి గుర్తులలో నొకటి బీటా డి గ్లూకాన్. అనేక బూజుల కణపు గోడ దీనితో కట్టబడినది. జీవి పెరుగునప్పుడు ఈ గోడపెళ్ళలు నెత్తుట రాలును. మన దేహమున నిది పుట్టదు గనుక కనబడినచో ఎచ్చటినుండియో వచ్చినదనియే యర్థము. దీనిని కొలుచుటకు తోడ్పడిన జీవి యేదనుకొంటిరి? గుఱ్ఱపునాడా యాకారమున నుండు నొక సముద్రపు పీత! పీతయని పేరేగాని సాలెపురుగునకు దగ్గఱ చుట్టము. మన పొరుగున నొడిసాలోని బాలాసోరు తీరమునను ఈ జాతివి కలవు. దాని నెత్తురు నీలము. గ్లూకాన్ తగిలినంతనే గడ్డకట్టు గుణము దానికి గలదు. ఈ గుణముపై నాధారపడిన పరీక్షను 2004లో అమెరికా ప్రభుత్వ మంగీకరించినది. ఆ పరీక్షలో మిల్లీలీటరునకు 80 పికోగ్రాములు మొదలు పైకున్నచో కలదనియు, 60కి లోబడినచో లేదనియు, నడుమ నున్నచో సందేహమనియు లెక్క. పికోగ్రామనగా గ్రామున లక్షకోట్లవవంతు.

ఇంత సూక్ష్మమైనది గనుకనే తేలికగ మోసపోవును. పుట్టగొడుగులలోను గ్లూకాన్ కలదు. శస్త్రచికిత్సలో వాడు గాజుగుడ్డనుండియు, నరమునకెక్కించు ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్ మందులనుండియు నది రావచ్చును. ఉద్దానమువారు ముఖ్యముగ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సెల్యులోజుతో చేసిన పాతరకపు డయాలిసిస్ పొరలనుండియు గ్లూకాన్ నెత్తుట జేరి, లేని రోగమును ఉన్నట్లు చూపును. కనుక డయాలిసిస్ ఎప్పుడు జరిగినదో, ఏ మందులెన్ని దినములు వాడిరో, ఇంటివారు క్రొత్త వైద్యునకు అడుగకమునుపే చెప్పవలెను. మఱియొక వంక నల్లఫంగసు గోడలో గ్లూకాన్ అల్పము గావున ఈ పరీక్ష దానిని పట్టజాలదు. మా యెఱుకలో దీని పెద్ద యుపయోగము లేదని చెప్పుటలోనే యున్నది. కాండిడా యనుమానమున్న రోగికి ఈ కొలత తక్కువగ వచ్చిన, వైద్యులు తక్కిన లక్షణములనుకూడ చూచి బూజుమందును ధైర్యముగ మానిపింపగలరు.

పొరుగింటివారి తగవు నెత్తురు తీయుటపైన. “రోజూ రక్తం లాగేస్తే మనిషేమవుతాది?” అని కొడుకు కేకలు వేసెను. పెద్దవారికి ఒకసారి రెండు సీసాలకు తీయునది సుమారు 20 మిల్లీలీటర్లు, అనగా నాలుగు చిన్నచెంచాలు. తక్కువ తీసినచో దాగినవాడు తప్పించుకొనును.

వైద్యురాలు ఫలితముకొఱకు కాచుకొనలేదు. కాండిడా నెత్తుటజేరినవారిలో పదిమందికి నలుగురు చనిపోవుదురనియు, ఆలస్యమైనకొలది ముప్పు పెరుగుననియు చెప్పి, నాడే మెడగొట్టము తీయించి, ఎకినోకాండిన్ అను మందు మొదలిడెను. బూజు గ్లూకాన్‌గోడ కట్టుకొనకుండ చేయునదియే యీ మందు. ఇక్కడ నొకమాట చెప్పక కదలలేము. నోటిపూతకు వాడు నిస్టాటిన్‌ను 1950లో లోకమునకు తెలిపినవారు ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను నిద్దఱు స్త్రీలు. వారు తమ రాబడిని పరిశోధనలకే యిచ్చివేసిరి. నిస్టాటిన్ నరమునకెక్కింప పనికిరాదు గాని, బూజును చంపు మందులకు దారిచూపినవారిలో వారును గలరు.

మూడవనాడు సీసాలో కాండిడా మొలచినది. విశాఖపట్టణమునకు పంపిన గ్లూకాన్ చీటి ఆ మఱునాడు వచ్చెను. కొలత హెచ్చేగాని, డయాలిసిస్ రోగి గనుక వైద్యురాలు దానినొక్కదానినే నమ్మియుండెడిది కాదట. జ్వరము దిగినంతనే కోడలు మూట సర్దుకొనెను. ఈమారు మేము నోరు మెదపలేదు. నెత్తురు శుభ్రమని తేలిన దినమునుండి 14 దినములు మందు సాగవలెను. కాండిడా కంటిలోనికిని పోవును గనుక కన్నును చూపింపవలెను. కంటివైద్యుడు దీపమువేసి చూచి లోన మచ్చలేదన్న పిమ్మటనే పెద్దామె సోంపేట బస్సెక్కినది.