చచ్చినా వదలని నింద

అమెరికాలో రోడ్ ఐలండ్ అని ఒక చిన్న రాష్ట్రం ఉంది. మన పాత కృష్ణా జిల్లాలో సగం కూడా ఉండదు. అందులో ఎక్సెటర్ అనే పల్లెటూరు లాంటి ఊళ్లో, చెస్ట్‌నట్ హిల్ బాప్టిస్టు చర్చి దగ్గర ఒక పాత శ్మశానం ఉంది. అక్కడ ఒక సమాధి రాయికి ఇనప పట్టీ వేసి బిగించారు. లోపలి దెయ్యం బయటికి రాకుండా కాదు, బయటి మనుషులు రాయి ఎత్తుకుపోకుండా. 1996లో ఒకసారి ఎత్తుకుపోయారు కూడా.

ఆ సమాధి మెర్సీ లీనా బ్రౌన్ అనే అమ్మాయిది. 1892 జనవరిలో, పంతొమ్మిదేళ్ల వయసులో క్షయతో చనిపోయింది. ఇప్పుడు ఆమెను అందరూ "రక్తం తాగే మెర్సీ"గా చెప్పుకుంటారు. అక్టోబరు చివర హాలోవీన్ వచ్చిందంటే కుర్రకారు గుంపులుగా ఆ శ్మశానానికి వస్తారు. నీలి వెలుగు కనిపించిందంటారు, గులాబీల వాసన వచ్చిందంటారు. సమాధి మీద ప్లాస్టిక్ కోరలు పెట్టిపోతారు. ఎవరో దగ్గు బిళ్లలు కూడా పెట్టారట. అన్ని కానుకల్లోకీ ఆ అమ్మాయి గురించి కాస్త ఆలోచించి పెట్టింది అదొక్కటేనేమో అనిపించింది నాకు.

జరిగింది ఇది. జార్జి బ్రౌన్ ఒక మామూలు రైతు. 1883 డిసెంబరులో ఆయన భార్య మేరీ ఎలైజా క్షయతో పోయింది. ఆరు నెలలు తిరిగేసరికి కూతురు మేరీ ఆలివ్ పోయింది. ఇరవయ్యేళ్ల పిల్ల, బట్టలు కుట్టే పని చేసేది. కొన్నేళ్లకి కొడుకు ఎడ్విన్‌కి అదే జబ్బు పట్టుకుంది. గాలి మార్పు కోసం కొలరాడో వెళ్లి, నయం కాకుండానే తిరిగొచ్చాడు. ఈలోగా మెర్సీకి వచ్చింది. ఆమెకు మాత్రం చాలా త్వరగా ముదిరిపోయింది.

అప్పుడు ఇరుగుపొరుగు కూడబలుక్కున్నారు. చనిపోయిన ముగ్గురు ఆడవాళ్లలో ఎవరి గుండెలోనో ఇంకా నెత్తురు ఉందనీ, అది ఎడ్విన్ ప్రాణాన్ని పీల్చుకుంటోందనీ, తవ్వి చూసి ఆ గుండెను కాల్చేస్తే పిల్లవాడు దక్కుతాడనీ తండ్రికి చెప్పారు. జార్జికి ఈ మాటల మీద నమ్మకం లేదని అప్పటి పత్రిక రాసింది. అయినా ఒప్పుకున్నాడు. ఊళ్లో బతకాలి కదా.

1892 మార్చి 17న సమాధులు తవ్వారు. తల్లీ కూతుళ్లు ఎనిమిదేళ్లుగా మట్టిలో ఉన్నారు, ఎముకలు తేలిపోయారు. మెర్సీ పోయి రెండు నెలలే అయింది. అదీ నడి చలికాలం. నేల గడ్డకట్టిపోయి ఉంటే తవ్వడం కుదరక, శవపేటికను రాతి గదిలో ఉంచారు. శవం చెడలేదు, గుండెలో నెత్తురుంది. చలికి ఇలాగే ఉంటుందనీ, ఊపిరితిత్తుల్లో క్షయ గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయనీ అక్కడికొచ్చిన డాక్టరు హెరాల్డ్ మెట్‌కాఫ్ చెప్పాడు. ఆయన మాట ఎవరికి కావాలి? ఆమె గుండె, కాలేయం తీసి అక్కడే ఒక బండ మీద కాల్చారు. ఆ బూడిద ఎడ్విన్ చేత తాగించారు. మే 2న ఎడ్విన్ కూడా చనిపోయాడు.

ఆ ఊరివాళ్లు రాక్షసులని నేననను. క్షయ క్రిమిని రాబర్ట్ కోఖ్ 1882లోనే కనిపెట్టాడు గానీ దానికి పనిచేసే మందు, స్ట్రెప్టోమైసిన్, 1940ల దాకా రాలేదు. డాక్టరు దగ్గర కారణం ఉంది, వైద్యం లేదు. ఊరివాళ్ల దగ్గర రెండూ లేవు. 1820లో రెండున్నర వేలకు పైగా ఉన్న ఎక్సెటర్ జనాభా అప్పటికి 961కి పడిపోయింది. కొందరు వలస పోయారు, కొందరు చచ్చిపోయారు. ఇంటికి ఇల్లే దగ్గుతూ కరిగిపోతుంటే మనిషి ఏదో ఒకటి చేయకుండా ఉండలేడు. మన భాషలో కూడా ఆ జబ్బుకి "క్షయ" అనే పేరు ఊరికే రాలేదు. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఇలా తవ్విన సంఘటనలు 80 దాకా లెక్క తేలాయని మైకేల్ బెల్ అనే జానపద పరిశోధకుడు చెప్పాడు. అందులో మగవాళ్ల శవాలూ ఉన్నాయి.

కాబట్టి ఆ రోజు భయం నాకు అర్థమవుతుంది. అర్థం కానిది ఆ తర్వాతి నూరేళ్లు. తవ్వినవాళ్లు ఆమెను రక్తపిశాచి అనలేదు. ఆ మాట తగిలించింది పత్రికలవాళ్లు. న్యూయార్క్ పత్రిక 1896లో వేసిన వార్త కత్తిరింపు ఒకటి బ్రామ్ స్టోకర్ కాగితాల్లో దొరికింది. మరుసటి ఏడే "డ్రాకులా" వచ్చింది. ఇక అక్కణ్నించి జబ్బు మాయమైంది, దగ్గు మాయమైంది. రోగిగా చనిపోయిన పిల్ల తమ్ముణ్ణి తిన్నదా, అన్నను తిన్నదా అని మాట్లాడుకునే వింత అయి కూర్చుంది. మందు వచ్చి, క్రిమి సంగతి బడిపిల్లలకు కూడా తెలిసిన కాలంలో ఈ కథ తగ్గాలి కదా. పెరిగింది!

ఇంతకంటే అన్యాయం పక్క ఊళ్లో జరిగింది. వెస్ట్ గ్రీనిచ్‌లో నెల్లీ వాన్ అనే అమ్మాయి 1889లో పోయింది. ఆమెకూ పంతొమ్మిదేళ్లే. ఆమె శవాన్ని ఎవరూ తవ్వలేదు, ఆమె గురించి అప్పట్లో ఏ పుకారూ లేదు. చాలా దశాబ్దాల తర్వాత, హైస్కూలు పిల్లలకు ఒక టీచరు "ఈ రోడ్డు పక్క శ్మశానంలో పంతొమ్మిదేళ్ల రక్తపిశాచి సమాధి ఉంది" అని పేరు చెప్పకుండా కథ చెప్పాడట. పిల్లలు వెతుక్కుంటూ వెళ్లి నెల్లీ రాయి చూశారు. నీకోసం ఎదురుచూస్తున్నాను అన్న అర్థంలో దాని మీద ఒక వాక్యం చెక్కి ఉంది. అయినవాళ్లు ప్రేమతో చెక్కించుకునే మామూలు మాట. అంతే, రక్తపిశాచి దొరికేసింది! సమాధి మీద గడ్డి మొలవదన్నారు. మొలవకేం చేస్తుంది, అందరూ తొక్కుతుంటే? రాయిని ముక్కలు ముక్కలుగా కొట్టి పట్టుకుపోతుంటే చివరికి దాన్ని తీసేశారు. ఇప్పుడు అక్కడ ఒక ఆడగొంతు, నేను మంచిదాన్నే అని చెబుతుందని కొత్త కథ. చచ్చిపోయాక కూడా మంచిదాన్నని రుజువు చేసుకునే పని మనకే పడింది!

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారేమో. 1990లలో మన ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకోలేదా? రాత్రిపూట వచ్చేది ఎవరంటే "స్త్రీ". అది చాలు, ఇంకో పేరక్కర్లేదు. ఆ దెయ్యం గోడ మీది అక్షరాలు చదువుకుని వెనక్కి పోతుందట. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ముప్ఫై ముగ్గురే. బతికున్నవాళ్లకు నేర్పని చదువు దెయ్యానికి ఎవరు నేర్పారో!

నవ్వుకోవచ్చు. కానీ బాణామతి చేసిందని తెలంగాణ పల్లెల్లో మనుషుల పళ్లు రాలగొట్టినప్పుడు, సజీవంగా తగలబెట్టినప్పుడు నవ్వు రాదు. జాతీయ నేర గణాంకాల్లో హత్యలకు కారణాల పట్టికలో "మంత్రవిద్య" అని ఇప్పటికీ విడిగా ఒక గడి ఉంది. మంత్రగత్తె అని ముద్ర వేయడాన్ని నేరంగా చెబుతూ బీహార్ 1999లో చట్టం చేసింది, తర్వాత జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా వంటివి చేశాయి. ఎక్సెటర్‌లో కాల్చింది చనిపోయిన గుండెని. ఇక్కడ అంత ఆగరు.

నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి. మన ఊళ్లలో ఫలానా చింతచెట్టు, ఫలానా బావి, ఫలానా శ్మశానం దారి అంటూ చెప్పే దెయ్యాల జాబితా ఒకసారి రాసి చూడండి. బాలింత దెయ్యం ఒకటి. అంటే పురిట్లో వైద్యం అందక పోయిన మనిషి. నూతిలో పడ్డ కోడలు ఒకటి. కిరసనాయిలుతో కాలిపోయినావిడ ఒకటి. పెళ్లికాకుండా కడుపుతో ఉరేసుకున్న పిల్ల ఒకటి. అది దెయ్యాల జాబితా కాదు, ఎఫ్ఐఆర్ కాని కేసుల జాబితా. "ఆవిడ ఎలా చచ్చిపోయింది?" అని అడగాల్సినవాళ్లందరూ "ఆవిడ ఇప్పుడు ఎవర్ని పట్టుకుంది?" అని అడుగుతారు. అనుమానం చంపినవాడి మీంచి చచ్చినదాని మీదికి మళ్లుతుంది. 498ఎ 1983లో, 304బి 1986లో వచ్చాయి. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అవే 85, 80 సెక్షన్లయ్యాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా పోతే మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి వచ్చి శవ పంచనామా చేయాలి. వచ్చిన అధికారితో మాట్లాడాల్సింది చుట్టుపక్కలవాళ్లే. వాళ్ల నోట అప్పటికే "ఎప్పుడూ ఏదో గాలి సోకినట్టు ఉండేదండీ" అనే మాట సిద్ధంగా ఉంటే ఆ కాగితం మీద ఏం రాస్తారు?

మా చిన్నప్పుడు మా వీధి చివర ఒక నుయ్యి ఉండేది. అందులో ఒక కోడలు పడింది. ఈ చట్టాలేవీ ఇంకా రాని రోజులు. పడిందో, పడేశారో ఎవరూ అడగలేదు. పదకొండో రోజు దాటకుండానే నూతి దగ్గర గాజుల చప్పుడు వినిపిస్తోందన్నారు. సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లల్ని అటు పంపేవారు కాదు. ఆమె మొగుడు మాత్రం రోజూ ఆ దారినే సినిమాకి వెళ్లి రెండో ఆట చూసి వచ్చేవాడు. ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మేమూ ఆ పెళ్లి భోజనానికి వెళ్లాం.

నుయ్యి తర్వాత పూడ్చేశారు. ఈ వ్యాసం రాద్దామనుకున్నప్పుడు ఆమె పేరేమిటని మా అమ్మను అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఏమోనే, అందరం కొత్తకోడలు అనే పిలిచేవాళ్లం" అంది.