మూలపడిన అక్షరయంత్రం

ప్రతి సంవత్సరం మార్చి నెలలో కళాశాల సామగ్రిని లెక్క సరిచూచుకొనడం మనకు ఆచారం. ఈ పర్యాయం ఆ బాధ్యత నామీద పడినది. మెట్ల క్రింది గదిలో, విరిగిన బల్లల వెనుక, గోనెపట్టా కప్పిన నాలుగు టైపు మిషన్లు కనిపించినవి. వాటిలో రెండు ఇంగ్లీషువి, ఒకటి తెలుగుది, మరొకటి ఉర్దూది. రిజిస్టరులో వాటి ఎదుట "పనికిరానివి" అని వ్రాసి ఉన్నది. పాత ఇనుము క్రింద తూకానికి అమ్మివేసి గది ఖాళీ చేయిస్తే బాగుంటుందని కమిటీవారి ఆలోచన. పెద్దల మాటను తోసిరాజనడం నా ఉద్దేశం కాదు. అయినప్పటికీ ఒక్క విన్నపం చేసుకొనవలసి ఉన్నది. దానికి కారణం ఇటీవల అరకులోయలో నాకు ఎదురైన అనుభవం.

గత డిసెంబరులో జాతీయ సేవా పథకం శిబిరం నిమిత్తం విద్యార్థులతో కలిసి అరకు వెళ్ళాను. ఆ రైలుమార్గం పేరు చెప్పగానే మన పిల్లలకు సొరంగాలు, అద్దాల బోగీ గుర్తుకు వస్తాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశకంలో కొత్తవలస నుండి కిరండూల్ వరకు వేసిన దారి అది. కొండలలోని ఇనుము ఆ దారిన క్రిందికి దిగుతుంది. మైదానంలో వస్తువుగా మారిన ఇనుములో ఏ కొంచెమో తిరిగి కొండ ఎక్కుతుంది. అలా ఎక్కిన వస్తువు ఒకటి అక్కడి వారపు సంతలో నా కంటబడినది. అల్లం, పసుపు, కొండచీపుళ్ళు, రాజ్మా గింజలు రాశులుగా పోసిన వరుస దాటిన తరువాత, పాత ఇనుము వ్యాపారి పరచిన పట్టామీద, విరిగిన పంపుముక్కల మధ్య ఒక తెలుగు టైపు మిషను ఉన్నది. పదిహేను కిలోల పైచిలుకు తూగినది. తూకం ధరకే కొన్నాను.

"ఎవరిది?" అని అడిగితే ఆ వ్యాపారి, "మా మావ మిషనండి బాబూ. చెట్టుకింద కూకోని అర్జీలు కొట్టీవోడు. మావ కొట్టిన కాగితానికి ఆఫీసులో నెంబరు పడీది" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను శిబిరం ముగిసేవరకు వదలలేదు. కాగితానికి నంబరు పడడమంటే ఏమిటో ఏజెన్సీలో తిరిగినవారికి తెలియనిది కాదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతిలోకి పోకుండా 1959లో భూబదలాయింపు నిబంధన చేశారు. 1970లో దానిని సవరించి బిగించారు. ఏజెన్సీలో ఇప్పటికీ జనం దానిని "1/70" అనే పిలుస్తారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యేవరకు, గిరిజనుని నుండి వచ్చినదేనని భావించవలెనని ఆ సవరణ చెప్పినది. అయితే చట్టం తనంతట తాను నడిచి రాదు. ఎవరో ఒకరు అర్జీ పెట్టవలెను. ఆ అర్జీ చదవడానికి వీలుగా ఉండవలెను. నకలు అర్జీదారుని చేతిలో మిగలవలెను. కార్బను కాగితం పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీయగల యంత్రం ఆ పని చేసినది. 1966లో అధికార భాషా చట్టం వచ్చిన తరువాత, ఇంగ్లీషు రానివాడు తన భూమి సంగతిని తాను వినగలిగిన భాషలో వ్రాయించుకొనడానికి తెలుగు మీటలు గల యంత్రం మరింత అవసరమైనది. సంతలో తూకానికి పోతున్నది ఆ యంత్రమే.

ఇక దానిని బాగుచేసిన వృత్తాంతం. మొదటి పని గుర్తించడం. ముందుపలక మీద రంగు పోయి 'రెమింగ్టన్' అన్న పేరు సగమే మిగిలినది. పేరు ఒక్కటే చాలదు. ఒక మిషను మూత మరొకదానికి బిగించడం మరమ్మతు దుకాణాలలో మామూలే. కలకత్తా రెమింగ్టన్, 1955 నుండి బొంబాయిలో తయారైన గోద్రెజ్, హాల్డా, ఫేసిట్ వంటి మిషన్లు మన కార్యాలయాలలో పక్కపక్కనే పనిచేసినవి గదా! కనుక క్యారేజీని ఒక కొసకు జరిపి చట్రం మీద క్రమసంఖ్య వెదకవలెను. షిఫ్టు మీట నొక్కినప్పుడు రోలరు పైకి లేస్తున్నదా, లేక టైపు కడ్డీల బుట్ట క్రిందికి దిగుతున్నదా చూడవలెను. కడ్డీల కొసన గల అచ్చు అద్దంలో ప్రతిబింబం వలె తిరగబడి ఉంటుంది. దానిని ఒక్కొక్కటిగా చదివి, మీటమీది అక్షరంతో సరిపోల్చవలెను. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్న తరువాతనే మరమేకు మీద చేయి వేయవలెను.

తెలుగు యంత్రానికి ఇంకొక పరీక్ష కలదు. ఇటువంటి మిషనులో సుమారు నలభై ఆరు మీటలు ఉంటాయి. షిఫ్టుతో కలిపి తొంభైరెండు గుర్తులకు మించి చోటు లేదు. ఇంగ్లీషుకు అది చాలును. గుణింతాలు, వత్తులు లెక్కకు తెస్తే మన అక్షరరూపాలు వేలకు చేరుతాయి. అందుచేత అక్షరాన్ని విరిచి, తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి వాటిని విడి గుర్తులుగా పోతపోశారు. అక్షరానికి పైననో క్రిందనో కూర్చునే కొన్ని గుర్తుల మీట నొక్కితే క్యారేజీ కదలదు. గుర్తూ అక్షరమూ ఒకే చోట పడి ఒక రూపం కడతాయి. ఇంగ్లీషు మిషన్లు మాత్రమే ఎరిగిన మెకానిక్కు ఈ కదలని మీటలను చెడిపోయినవని భ్రమించి, "సరిచేసి" యంత్రాన్ని నిజంగా చెడగొట్టే ప్రమాదం ఉన్నది. అట్లే ఉర్దూ మిషనులో వ్రాత కుడినుండి ఎడమకు సాగుతుంది కనుక క్యారేజీ ఎదురుదిశలో కదులుతుంది. అది లోపం కాదు, ఆ లిపి స్వభావం. భాష తెలియనివాడు యంత్రాన్ని బాగుచేయలేడని నాకు అక్కడ తెలిసివచ్చినది.

శుభ్రపరచడంలో నా తొందరపాటును దాచను. బిగుసుకొన్న కడ్డీలను చూచి మొదటిరోజు రాత్రి కుట్టుమిషను నూనెను ధారాళంగా పోశాను. మరునాటికి అవి కొంత కదిలినవి. వారం తిరిగేసరికి నూనె దుమ్మును పట్టి జిగురై, మునుపటికంటె గట్టిగా బిగుసుకొన్నవి. కడ్డీలు కదిలే అర్ధచంద్రాకారపు గాడులలో నూనె వేయనే కూడదట. అవి పొడిగా, శుభ్రంగా ఉండవలెను. విశాఖపట్నంలో ఒక వృద్ధ మెకానిక్కు నాకీ సంగతి చెప్పి, "మిషను నూనె లేక చావదు మాస్టారూ, నూనె ఎక్కువై చస్తుంది" అన్నారు. ఆయన చెప్పిన క్రమం ఇది. ముందు పొడి కుంచెతో దుమ్ము, ఎలుకల గూటి పీచు తీసివేయవలెను. నీళ్ళలో ముంచరాదు. గాడులను టర్పెంటైనుతో, ఆరుబయట, మంటకు దూరంగా, పాత పళ్ళకుంచెతో కడిగి, కడ్డీలను ఒక్కొక్కటిగా ఆడించవలెను. అచ్చు గుంటలలో ఎండిన సిరాను గట్టి కుంచెతో తీయవలెను. రంగువేసిన భాగాలను పలుచని సబ్బునీటి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టవలెను. స్పిరిట్టు తగిలితే పాత రంగూ పేరూ కూడా లేచిపోవచ్చును. చివరకు క్యారేజీ జరిగే పట్టాలమీద ఒక్కొక్క చుక్క నూనె చాలును. విప్పిన ప్రతి మరమేకునూ విప్పిన వరుసలోనే పెట్టుకొనవలెను. అందుకు నాకు కోడిగ్రుడ్ల అట్ట ఉపకరించినది.

క్యారేజీని లాగే పట్టీ తెగిపోయి ఉన్నది. దాని స్థానంలో గట్టి గాలపుదారం కట్టాము. మీటకూ కడ్డీకీ మధ్యనుండే సన్నని తీగకొక్కెం ఒకటి లోపించినది. శిబిరం జరిగిన ఊరిలో ఒక కొండకమ్మరి ఉన్నాడు. నాగలి కర్రులు, కత్తులు చేసేవాడు. పక్కనున్న కొక్కాన్ని చేతిలోకి తీసుకొని, వేలితో రెండుసార్లు కొలిచి, పాత సైకిలు పుల్లను వంచి అచ్చంగా అటువంటిదే చేసి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే, ముందు అది పనిచేయనిమ్మన్నాడు. పనిచేసినది.

ఆ మధ్యాహ్నం చుట్టూ చేరిన పిల్లలలో ఒకడు, ఇంట్లో కువి మాట్లాడేవాడు, "ఇది మా మాట రాస్తదా సారూ?" అని అడిగాడు. తెలుగు లిపిలో వ్రాయవచ్చునన్నాను. అతడు ఒక మాట చెప్పాడు, నేను కొట్టాను. అది అట్లా పలకదని నవ్వాడు. సరిగా పలికే గుర్తు నా మీటలలో లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణ గ్రంథాన్ని వెలువరించినప్పుడు ఎదుర్కొన్నది ఈ చిక్కునే. ఆ భాషకే 1936లో మంగే గొమాంగో సోరా సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. కంప్యూటర్లకు ఆధారమైన యూనికోడులో ఆ లిపి చేరినది 2012లో. తెలుగు 1991లోనే చేరినది. మీటలపలక మీద ఎవరి అక్షరానికి చోటు దొరికినది, ఎవరిది బయట నిలిచినది అన్న ప్రశ్న టైపు మిషనుతో ముగిసిపోలేదు. చేతిలోని ఫోనులో అది కంటికి కానరాదు. లోహపు మీటలను లెక్కపెట్టినప్పుడు ఎనిమిదేండ్ల బాలునికి సైతం అర్థమవుతుంది.

నా వాదానికి ఎదురు రాగల ఆక్షేపణలను ఎరుగుదును. కంప్యూటరు ఉండగా ఈ పాత ఇనుము దేనికని అడుగవచ్చును. నిజమే, నేను కూడా ఈ కళాశాల ప్రశ్నపత్రాలను కంప్యూటరు మీదనే తయారుచేస్తున్నాను. తప్పు పడితే దిద్దుకొనే సౌకర్యాన్ని ఎవరు వదలుకొంటారు? 2011 నాటికి గోద్రెజ్ వారు సైతం టైపు మిషన్ల తయారీని మానుకొన్నారు. పోయిన కాలాన్ని వెనుకకు త్రిప్పుదామని నేను అనడం లేదు. గది ఇరుకు అన్న మాట కూడా కాదనలేనిది. కాని పనికిరానిదని వ్రాసే ముందు, దానిని ఎవరైనా విప్పి చూచారా? మన నాలుగు యంత్రాలలో ఏది తుప్పుతో నశించినది, ఏది కేవలం దుమ్ముతో నిలిచిపోయినది అన్నది తూకపురాయి చెప్పలేదు. చెడినదానికీ ఆగినదానికీ గల భేదం విద్యార్థికి నేర్పవలసిన విషయం కాదా? మన పిల్లలు వాడే వస్తువులలో మూత తీసి లోపల చూడదగినవి నానాటికీ తగ్గుతున్నవి. వేలు మీటను నొక్కితే, ఆ కదలిక కొక్కెం గుండా కడ్డీకి, కడ్డీ నుండి కాగితానికి చేరడాన్ని ఆద్యంతం కంటితో చూడగల యంత్రం ఇది.

బాగుచేయడం పేరిట క్రొత్త రంగు వేసి తళతళలాడించడానికి కూడా నేను విముఖుడను. నా అరకు మిషనుమీద కొన్ని మీటల అక్షరాలు వ్రేళ్ళ రాపిడికి పూర్తిగా అరిగిపోయినవి. వాటిని అట్లే ఉంచాను. ఆ చెట్టుక్రింది మనిషి ఎన్ని అర్జీలు కొట్టాడో ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ అరుగుదలే దానికి మిగిలిన సాక్ష్యం.

కనుక కమిటీవారికి నా మనవి ఇది. నాలుగింటినీ ఒక్కసారిగా తూకానికి పంపవద్దు. తెలుగు, ఉర్దూ యంత్రాలు రెండింటినీ ఉంచి, వాటి క్రమసంఖ్యలను రిజిస్టరులో ఎక్కించండి. ఇంగ్లీషు యంత్రాలను పరీక్షించి, కోలుకొనలేనిదైతే దాని మరమేకులు, తీగకొక్కేలు భద్రపరచిన తరువాతనే అమ్మండి. అనుభవజ్ఞుడైన ఒక మెకానిక్కును నాలుగు శనివారాలు పిలిపించి, ఆయన శ్రమకు తగిన ప్రతిఫలం ఇచ్చి, ఆసక్తిగల పదిమంది విద్యార్థులకు పని నేర్పించండి. ఈ విద్య తెలిసినవారు వృద్ధులైనారు. యంత్రం మరి కొన్నేళ్ళు గోనెపట్టా క్రింద ఆగగలదేమో గాని, వారు ఆగలేరు. అవసరమైన కుంచెలు, టర్పెంటైను, రిబ్బన్ల ఖర్చును నేను భరిస్తాను. గది ఖాళీ కావలెనంటే ఆ రెండు యంత్రాలను తెలుగు శాఖలో నా బల్ల పక్కన పెట్టించండి.

విద్యార్థిమిత్రులలో ఈ పనికి చేయి కలపదలచినవారు తమ పేర్లు నాకు ఇవ్వగోరుతున్నాను. తెలుగు చదువరులతో పాటు ఉర్దూ చదువరులు తప్పక కావలెను. ఆ మీటలలో ఏ అక్షరం తప్పిపోయినదో వారే చెప్పగలరు.

ఈ విన్నపాన్ని అరకు నుండి తెచ్చిన ఆ మిషను మీదనే, కార్బను పెట్టి, రెండు ప్రతులుగా కొట్టి ఆఫీసులో ఇచ్చాను. తలకట్లు కొన్ని వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినవి, మన్నించవలెను. నకలు నావద్ద ఉన్నది. దానిమీద ఒక నంబరు వేయించవలసినదిగా కోరుతున్నాను.