సుదూర పడవ పోటీకి పేరిస్తున్నారా? గేట్లు ఎవరి చేతిలో ఉన్నాయో ముందు అడగండి

సంక్రాంతి అనగానే కోడి పందేలే గుర్తొచ్చే కోనసీమలో 2025 జనవరిలో పడవ పందేలు కూడా జరిగాయి. పూతరేకుల ఊరు ఆత్రేయపురంలో గోదావరి కాలువ మీద డ్రాగన్ పడవలు పోటీపడితే జనం గట్ల మీద బారులు తీరి చూశారు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు ఏళ్లుగా జరుగుతూనే ఉన్నాయి. మచ్చ బొల్లారం నుంచి ఆదివారం పొద్దున్నే సైకిల్ మీద శామీర్‌పేట దాకా వెళ్లొచ్చే వాళ్లలో కొందరికైనా 'తెడ్డు పడితే ఎలా ఉంటుంది' అన్న ఆలోచన వచ్చే ఉంటుంది.

ఆలోచన మంచిదే. అయితే గట్టు మీద జనం చూస్తుండగా ఒక్క కిలోమీటరు పోటీలో పాల్గొనడం వేరు. నది మీదో, కాలువ వెంటో 40, 50 కిలోమీటర్లు వెళ్లడం వేరు. అలాంటి పోటీకి ఎలా సిద్ధం కావాలి? ఏ శాఖను ఏం అడగాలి? నిర్వాహకుల నుంచి ఏం రాబట్టాలి?

సుదూర పోటీ అంటే ఏమిటి?

కనూ అంటే మన దోనె లాంటిది. ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడుపుతారు. కయాక్‌లో కాళ్లు చాపుకొని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు వాడతారు. సుదూర పోటీల్లో ఈ రెండూ కనిపిస్తాయి.

ఇంగ్లండ్‌లో డివైజెస్ నుంచి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ వరకు 125 మైళ్లు, అంటే దాదాపు 200 కిలోమీటర్ల పోటీ 1948 నుంచి జరుగుతోంది. దారిలో లాకులు వచ్చిన ప్రతిసారీ పడవను భుజాన మోసుకుంటూ దాటాలి. అలాంటి చోట్లు 77 ఉన్నాయి. అమెరికాలోని టెక్సస్ వాటర్ సఫారీ 1963లో మొదలైంది. దాని దూరం 260 మైళ్లు, గడువు 100 గంటలు.

మన దగ్గర ఇంత పెద్ద పోటీల సంప్రదాయం లేదు కానీ జలమార్గాలు ఉన్నాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్న కాలువలు, గోదావరి, కృష్ణా నదుల్లోని కొన్ని భాగాలు కలిపి 2008లోనే 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. రేపు ఎవరైనా ఇక్కడ సుదూర పోటీ పెడతామంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

చిన్న పోటీకీ దీనికీ తేడా ఎక్కడ?

చిన్న పోటీలో పడవ తిరగబడితే రక్షణ పడవ నిమిషంలో వస్తుంది. సుదూర పోటీలో ముందు పడవకూ వెనక పడవకూ మధ్య పది, ఇరవై కిలోమీటర్ల ఎడం ఏర్పడుతుంది. అంత దూరమంతా రక్షణ పడవలతో నింపడం ఏ నిర్వాహకుడికీ సాధ్యం కాదు.

అందుకే ఇలాంటి పోటీల్లో భద్రత ఎక్కువగా గట్టు మీదే ఉంటుంది. ఎక్కడెక్కడ చెక్‌పోస్టులు ఉన్నాయి, ఎన్ని గంటల్లోపు దాటాలి, ఎవరు దాటారు, ఎవరు ఇంకా రాలేదు అనేది రాసుకునే మనిషి కావాలి. పడవతో పాటు రోడ్డు మీద కారులో వచ్చే సహాయకులు కావాలి. వంతెన కింద కలవాల్సిన టైమ్‌కు మీరు రాకపోతే వెంటనే ఫోన్ చేయాల్సింది వాళ్లే.

ఒక చిన్న లెక్క చూడండి. నిలకడగా ఉన్న నీటిలో కొత్తవారు గంటకు 4 నుంచి 6 కిలోమీటర్లు వెళ్లగలరు. 40 కిలోమీటర్లకు తక్కువలో తక్కువ ఏడెనిమిది గంటలు పడుతుంది. పొద్దున 6కు బయల్దేరితే మిట్టమధ్యాహ్నపు ఎండంతా నీళ్ల మీదే. 10 గంటలకు బయల్దేరితే చీకటి పడేది నీళ్ల మీదే. ఇక కాలువలో ప్రవాహం వేగం మీ వేగంతో సమానంగా ఉంటే, వెనక్కి తిరిగి వెళ్లే దారి లేనట్టే.

మన నీళ్లలో అసలు ప్రమాదం ఏది?

తెలుగు రాష్ట్రాల్లో నది ఒక్కటే తన ఇష్టానికి పారడం అరుదు. పైన ఒక డ్యామ్, కింద ఒక బ్యారేజీ, పక్కన ఎత్తిపోతల పంపులు. నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు తగ్గుతాయో ఆకాశం కంటే ముందు గేట్లు చెబుతాయి. మీరున్న చోట ఎండ కాస్తున్నా పైన కురిసిన వానకు నీళ్లు వదలొచ్చు.

దీని అర్థం ఏమిటో హైదరాబాద్ ఉత్తర శివార్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్ మండి జిల్లాలో, బియాస్ నది ఒడ్డున రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న విద్యార్థులను ఉన్నట్టుండి పెరిగిన నీళ్లు ఈడ్చుకెళ్లాయి. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదలడమే కారణం. బాచుపల్లిలోని ఇంజనీరింగ్ కాలేజీ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న టూర్ నిర్వాహకుడు చనిపోయారు.

ఈ కేసులో 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో విద్యార్థి కుటుంబానికి రూ.20 లక్షల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కాలేజీ, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని చెప్పింది. అంటే నీళ్లు వదిలేవాళ్ల మీదా బాధ్యత ఉంది, జనాన్ని అక్కడికి తీసుకెళ్లేవాళ్ల మీదా ఉంది. పడవ పోటీ నిర్వాహకులకూ ఈ పాఠం వర్తిస్తుంది.

కాబట్టి పోటీ ప్రణాళికలో మొదట ఉండాల్సిన పేరు స్పాన్సర్‌ది కాదు, ఆ గేట్లను చూసే నీటిపారుదల శాఖ ఇంజనీర్‌ది. పోటీ రోజున ఎన్ని క్యూసెక్కులు వదులుతారు? మధ్యలో పెంచాల్సి వస్తే ఎంత ముందు, ఎవరికి చెబుతారు? క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్ల నీళ్లు. నిన్న 500 క్యూసెక్కులున్న కాలువలో నేడు 1,500 ఉంటే, మీరు సాధన చేసిన కాలువ ఇది కాదు.

నీళ్ల మీద కనిపించనివి

అలుగు, మత్తడి, ఆనకట్ట: పైనుంచి చూస్తే నీళ్లు నున్నగా జారుతున్నట్టే ఉంటుంది. కింద మాత్రం నీళ్లు మళ్లీ గోడ వైపే తిరుగుతూ మనిషిని, పడవను అక్కడే తిప్పుతుంటాయి. లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడటం కష్టం. మత్తడి దుంకుతుంటే చాలా ముందే ఒడ్డుకు వచ్చి, పడవను మోసుకుని దాటాలి.

సిమెంటు లైనింగ్ కాలువలు: అంచులు ఏటవాలుగా, నాచుతో జారుడుగా ఉంటాయి. ఈత వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేక అలసిపోయి మునిగిపోతారు. బయటికి వచ్చే మెట్లు, గొలుసులు ఎక్కడున్నాయో ముందే నడిచి చూసుకోవాలి.

తూములు, సైఫన్లు: కాలువ రోడ్డు కిందో, వాగు కిందో దూరే చోటు. నీటితో పాటు లోపలికి లాగేస్తుంది. ఇక్కడ పడవ నడపడం అసలు కుదరదు.

చెరువుల్లో గుంతలు, గుర్రపు డెక్క, వలలు: మట్టి తవ్విన చోట లోతు ఒక్క అడుగులోనే మారిపోతుంది. గుర్రపు డెక్కలో చిక్కుకుంటే తెడ్డు పనిచేయదు. చేపల వలలు కాళ్లకు చుట్టుకుంటాయి. ఎక్కడ వలలు కట్టారో ఆ ఊరి మత్స్యకారులకు తెలిసినంతగా ఏ మ్యాప్‌కూ తెలియదు.

అందుకే దారి మొత్తాన్ని ముందుగా ఒకసారి గట్టు మీద నుంచి చూడాలి. గూగుల్ మ్యాప్‌లో నీలం గీత చూసి బయల్దేరడం ప్రయాణం కాదు, జూదం.

అనుమతి ఎవరిస్తారు?

చిక్కంతా ఇక్కడే ఉంది. నీళ్లు ఒక శాఖవి, గట్టు ఇంకొకరిది, పడవ మరొకరిది. కాలువలు, ప్రాజెక్టులు నీటిపారుదల శాఖవి. హుస్సేన్ సాగర్ హెచ్ఎండీఏ పరిధిలోది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలమండలి చూస్తుంది. జనం గుమిగూడే కార్యక్రమానికి పోలీసుల అనుమతి కావాలి.

పడవల విషయానికి వస్తే, 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. ఇంజిన్ ఉన్న పడవల రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బంది అర్హతల మీదే ఇది ప్రధానంగా దృష్టి పెడుతుంది. ఇంజిన్ లేని పడవల సంగతి స్థానిక సంస్థలకు అప్పగించే వీలును రాష్ట్రాలకు కల్పించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది.

కాగితం మీద ఇన్ని ఉన్నా ఏం జరుగుతుందో కృష్ణా నది చూపించింది. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని ప్రైవేటు పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 'పర్మిషన్ ఉందండీ' అన్న మాట సరిపోదు. ఏ శాఖ, ఏ తేదీన, ఏ దారికి ఇచ్చిందో కాగితం చూపించమనండి.

లైఫ్ జాకెట్ ఉంటే చాలదా?

ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరదలో ఉండగా, పాపికొండలకు బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో 77 మంది ఉంటే బతికింది 26 మందే. బయటపడినవారిలో ఎక్కువమంది లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్లే. ప్రమాదం వచ్చాక జాకెట్ వేసుకునే టైమ్ ఉండదని ఆ రోజు తేలిపోయింది.

కొనేటప్పుడు లేబుల్ చూడండి. 50 న్యూటన్లు అని ఉంటే అది ఈత బాగా వచ్చి, సాయం దగ్గర్లోనే ఉన్నవారికి. స్పృహ తప్పితే ముఖాన్ని నీటిపైకి తిప్పే పని అది చేయదు. ఆ అవసరానికి 100 న్యూటన్లు, అంతకు మించినవి ఉంటాయి. తెడ్డు వేయడానికి చేతులు ఆడతాయని చాలామంది 50 రకమే ఎంచుకుంటారు. అలాంటప్పుడు ఒంటరిగా వెళ్లకూడదు. మీ బరువుకు సరిపోవాలి, బకిళ్లన్నీ పెట్టుకోవాలి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే తల మీదుగా జారిపోకూడదు.

ఎండ, ఉప్పు, పిడుగు

2012 టెక్సస్ వాటర్ సఫారీలో ఒక పోటీదారు చనిపోయాడు. దాదాపు అర్ధ శతాబ్దపు ఆ పోటీ చరిత్రలో అదే తొలి మరణం. కారణం మునగడం కాదు, రక్తంలో సోడియం పడిపోవడం. గంటల తరబడి చెమట పోతుంటే ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే తాగడం వల్ల ఈ ప్రమాదం వస్తుంది. తలనొప్పి, వాంతులు, తికమకగా మాట్లాడటం దీని లక్షణాలు. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తే పరిస్థితి విషమిస్తుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉప్పు వేసిన మజ్జిగ, తినడానికి ఏదైనా వెంట ఉండాలి. మాట తడబడితే పోటీ ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిడుగుల విషయంలో మొహమాటం వద్దు. తొలి ఉరుము వినగానే ఒడ్డుకు చేరాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా నీళ్లలోకి దిగకూడదు. దామిని యాప్‌లో మీ చుట్టుపక్కల పిడుగుల హెచ్చరికలు చూడొచ్చు. ఒంటి మీద తెగిన గాయాలుంటే మురుగు కలిసే చెరువుల్లో సాధన మానుకోవాలి. దిగిన కొన్ని రోజులకు జ్వరం వస్తే, నీళ్లలో దిగిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

సాధన ఎక్కడ, ఎలా?

2025 జనవరి 11న హైదరాబాద్ నుంచి సరదాగా కొండపోచమ్మ సాగర్‌కు వెళ్లిన ఏడుగురు యువకుల్లో ఐదుగురు మునిగి చనిపోయారు. శామీర్‌పేట మీదుగా వెళ్లే అదే రాజీవ్ రహదారి మనల్నీ అక్కడికి తీసుకెళ్తుంది. దగ్గర్లో నీళ్లున్నాయని అది సాధన చేసే చోటు అయిపోదు. రిజర్వాయర్లు, చెరువులు కోచ్, రక్షణ పడవ లేకుండా దిగేందుకు కాదు.

మొదటి మెట్టు ఈత కొలను. బట్టలు, జాకెట్‌తో ఈదడం రావాలి. తర్వాత శిక్షకుడి సమక్షంలో కావాలని పడవ బోల్తా కొట్టించుకుని బయటికి రావడం, మళ్లీ ఎక్కడం నేర్చుకోవాలి. పది సార్లలో పది సార్లూ చేయగలిగాకే దూరం సంగతి. ఆ దూరాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచాలి. పోటీకి తీసుకెళ్లే సామాను, తిండి, బరువుతోనే కనీసం ఒక్కసారైనా సాధన చేసి ఉండాలి.

ఎవరైనా మునుగుతుంటే?

వెనుకే దూకొద్దు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు మునగడం మన చెరువుల దగ్గర తరచూ వినే కథ. తాడు, తెడ్డు, ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది అందించండి. 112కు ఫోన్ చేయండి, అంబులెన్స్‌కు 108. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం లాంటివి చేసి సమయం పోగొట్టవద్దు. ఊపిరి లేకపోతే నోటి ద్వారా శ్వాస అందిస్తూ సీపీఆర్ మొదలుపెట్టాలి. సహాయకుల కారులో ఉండే వారిలో ఒక్కరికైనా ఇది వచ్చి ఉండాలి.

ఫీజు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి

- నీటిపారుదల శాఖ ఇచ్చిన లేఖ ఉందా? పోటీ రోజు గేట్ల సమాచారం ఎవరికి వస్తుంది?
- నీళ్లు ఏ మట్టం దాటితే పోటీ రద్దు చేస్తారు? ఆ నిర్ణయం ఎవరిది?
- చెక్‌పోస్టులు ఎన్ని? ఒక్కోదానికి గడువు ఎంత?
- రెండు రక్షణ పడవల మధ్య దూరం ఎంత? అంబులెన్స్ గట్టు మీదికి రాగలదా?
- లైఫ్ జాకెట్ విప్పినవారిని పోటీ నుంచి తప్పిస్తారా?
- రద్దయితే ఫీజు వెనక్కి ఇస్తారా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. డబ్బు పోతుందన్న భయం, ఇంతమంది వచ్చారన్న మొహమాటం ఉన్న చోటే 'ఏం కాదులే, కానిచ్చేద్దాం' అన్న మాట వినిపిస్తుంది. రద్దు చేయడానికి ముందే సిద్ధపడిన నిర్వాహకుడికి ఆ మాట అనాల్సిన అవసరం రాదు. ఈ ఆరింటికీ సూటిగా జవాబు చెప్పినవారి పోటీలోనే పేరు ఇవ్వండి. లేదంటే ఈసారికి గట్టు మీద నిలబడి చూడండి.