బొమ్మల నవ్వునకు మన మద్దెల వలదా?

ఈ సంచికకు ఎవరెవరు ఏమేమి వ్రాయవలెనని సూళగిరిలో కూడి మాటాడుకొన్న నాడు, పిల్లలు చూచు బొమ్మల హాస్యచిత్రములలోని వాద్యసంగీతమును గురించి వ్రాయుదుమని మేము చెప్పితిమి. పెద్దలొకరు నవ్వి, “సంస్కృతి సంచికలో ఆ పిల్లి ఎలుకల గోల ఏల?” అనిరి. తక్కినవారును నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఇల్లు చేరిన పిదప ఆ ‘గోల’ యను మాట మమ్ము విడువలేదు. ఈ వ్యాసము వారికి మా ప్రత్యుత్తరము. వారియెడ మా గౌరవమునకు లోపము లేదు. వారి అభిప్రాయముతో మాత్రము మాకు పొత్తు కుదరదు.

ముందుగా ఒక చిన్న పరీక్ష. పిల్లలు ‘టామ్ అండ్ జెర్రీ’ చూచుచుండగా టెలివిజను ధ్వనిని పూర్తిగా తగ్గించి చూడుడు. పిల్లి గోడకు కొట్టుకొని అప్పడమగును, ఇస్త్రీపెట్టె నెత్తిపై పడును, అయినను నవ్వు రాదు. “తాతా, సౌండు పెట్టు” అని పిల్లలు మొరపెట్టుదురు. ఇప్పుడు ధ్వనిని పెట్టి, తెర కనబడకుండ వంటింటిలో నిలిచి వినుడు. పిల్లి మునివ్రేళ్లపై నడచుట, మెట్లమీద జారుట, తోక నలుగుట సమస్తము చెవికే తెలిసిపోవును. మా ఇంట చారు కాచుచున్న అవ్వ తెరవైపు తిరుగకయే “మళ్ళా పడినాడు” అని నవ్వుట మేమెరుగుదుము. బొమ్మ లేకున్నను నవ్వు నిలిచినది, వాద్యము లేనిచో నిలువలేదు. దీనిని గోల యనుట ఎట్లు?

ఆ నవ్వు వెనుక గొప్ప లెక్క కలదు. సినిమా ఫిలిములో సెకనునకు 24 బొమ్మలు పరుగిడును. పండ్రెండు బొమ్మలకు ఒక తాళపు దెబ్బ చొప్పున వేసికొన్నచో నిమిషమునకు 120 దెబ్బలు. పిల్లి కాలు ఎన్నవ బొమ్మలో నేలను తాకునో ముందే గుణించి, సరిగా ఆ బొమ్మమీదనే తీగమీటో, బూరకూతో పడునట్లు స్వరము వ్రాయుదురు. వాద్యకారుల చెవులలో గడియారమువలె టిక్కు టిక్కుమను శబ్దము మ్రోగుచుండగా వారు దానిననుసరించి వాయింతురు. 1928లో డిస్నీ ‘స్టీంబోట్ విల్లీ’తో బొమ్మను, వాద్యమును ఇట్లు ముడివేసెను. మరుసటి ఏట వచ్చిన ‘స్కెలిటన్ డాన్స్’లో కార్ల్ స్టాలింగ్ సంగీతము ముందు నడువగా, అస్థిపంజరములు దాని వెనుక ఆడినవి. పిల్లి ఎలుకల చిత్రములకు ఏండ్ల తరబడి సంగీతము కూర్చిన స్కాట్ బ్రాడ్లీ, పాశ్చాత్య పండితులే తలలు పట్టుకొను పండ్రెండు స్వరముల నవీన పద్ధతిని 1944లో పిల్లి కుక్కవేషము వేయు ఒక చిత్రమున వాడెను! సభలలో విని జనము లేచిపోవు సంగీతము, బొమ్మ ముందు నిలువగానే బిడ్డలను నవ్వించెను. విద్వత్తు లేనివాడు చేయదగిన పనియా ఇది?

ఈ విద్య మనకు క్రొత్తది కాదనుటయే మా అసలు వాదము. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు బంగారక్క చేత దెబ్బ తినునప్పుడు ఏమి జరుగును? తెరవెనుక ఆడించువాడు కాలిక్రింది చెక్కపలకను ధనాలున తొక్కును, మద్దెల అదే క్షణమున పలుకును, గజ్జె ఘల్లుమనును. చేతిలోని బొమ్మ, కాలిక్రింది పలక, గొంతులోని పద్యము మూడును ఒక్క మనుష్యుని ఒంటిలో కలిసియుండుటచే వానికి టిక్కు టిక్కుల అవసరము కలుగలేదు. మన ఊళ్ల భారతపు తిరునాళ్లలో రాత్రి ఆటకు మద్దెల, హార్మోనియము పట్టు వారు హాస్యగాని ప్రతి అడుగును కనిపెట్టి వాయించుటయు ఈ విద్యయే.

సినిమాలోనికి వచ్చిన తరువాతను ఆ జాడ పోలేదు. 1957 నాటి ‘మాయాబజార్’ను తలచుకొనుడు. లడ్డూలు తమంత తాము ఎగిరి ఘటోత్కచుని నోట పడుట, గిల్పము కుదిపివేయుట, గింబళి చుట్టుకొనుట వంటి సన్నివేశములు మనుష్యులతో తీసిన బొమ్మల హాస్యమే గదా! కెమెరా మాయ మార్కస్ బార్ట్లేగారిది. సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని వరుసలు కట్టి విడువగా, మిగిలిన సంగీతభారమును మోసినవారు ఘంటసాలగారు. ఆ చిత్రమునకు కె.వి. రెడ్డిగారి శిష్యుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు, అర్ధశతాబ్దము పిమ్మట, 2008లో, చిన్ననాటి ఘటోత్కచుని బొమ్మల చిత్రముగా తీసి, దర్శకత్వముతోపాటు సంగీతమును తామే సమకూర్చిరి. అంతకు ముందు 2006లో ‘కిట్టు’ యను తెలుగు బొమ్మల చిత్రము జాతీయ బహుమతిని పొందినది. మనవారికి చేతకాదనువారు ఈ రెండు పేర్లు గుర్తుంచుకొందురు గాక.

“డబ్బింగు ఉన్నది గదా, బొమ్మలు తెలుగున మాటాడుచున్నవి, ఇంకేమి వలయును?” అని కొందరందురు. కంఠము మారినది గాని నవ్వు మారలేదు. వార్నర్ సంస్థలో 1936 మొదలు 1958 వరకు పనిచేసిన స్టాలింగ్ పద్ధతిని చూడుడు. ఎర్రని దుస్తులు తొడిగిన బొమ్మ తెరపైకి రాగానే, ఎర్రదుస్తుల సుందరిని గురించి అప్పట్లో అందరి నోట నాడిన పాట వరుసను ఆయన రెండు చరణముల మేర వినిపించును. అక్కడి ప్రేక్షకునికి మాటతో పనిలేక నవ్వు పుట్టును. మన బిడ్డ ఆ బొమ్మను చూచి నవ్వును. చెవిలో పడిన చమత్కారము వానికి అందదు. సగము నవ్వు మాత్రమే వాని పాలు.

“సంగీతమునకు భాష లేదు” అని మరికొందరి వాదము. దానికి వారు తేదగిన గట్టి సాక్ష్యము మనకు కూతవేటు దూరముననే కలదు. సింగీతంవారే 1987లో బెంగుళూరు నేపథ్యముగా ఒక్క మాటయు లేని హాస్యచిత్రము తీసిరి. తెలుగున, కన్నడమున ‘పుష్పక విమానము’, తమిళమున ‘పేసుం పడం’; పేరు మారెను గాని చిత్రము ఒక్కటే. మూడు భాషల నడుమ బ్రతుకు మనవంటివారికి అంతకంటె ఇంపైన సినిమా ఏది? కాని దానికి సంగీతము కూర్చినవారెవరు? కర్ణాటక సంగీతపు ఇంట పుట్టిన ఎల్. వైద్యనాథన్‌గారు. మాట లేని చోట పలికినది పరాయి గొంతు కాదు. కావున ఆ సాక్ష్యము మా పక్షముననే నిలుచును.

ఇక మన తప్పు చెప్పుకొనవలెను. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట బడిలో మన నుడికి చోటు తరిగినదని ప్రతి సభలో వాపోవుచున్నాము. ఆ బాధ నిజమైనదే. అయితే బడి విడిచిన తరువాత సాయంకాలము మన బిడ్డల చెవిలో ఏమి పడుచున్నదో ఒక్కనాడైన విచారించితిమా? వార్షికోత్సవమున శాస్త్రీయ గానమునకు బహుమతి, పద్యపఠనమునకు బహుమతి, అవి ఉండవలసినవే. మద్దెలకు లేదు, ముఖవీణకు లేదు, నవ్వించు విద్యకు అసలే లేదు. నిమ్మలకుంటలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చిరని మనమును పొంగితిమి. ఆ గ్రామపు తోలుపనివారు ఆటబొమ్మలకంటె అలంకారపు దీపములకు తోలు కోసి బ్రతుకుచున్నారు. ఆటకు పిలుచువారున్నచో వారికి ఆ గతి ఏల? గోల గోల యని చెవులు మూసికొన్నవారికి, బిడ్డలు పరుల తాళమునకు నవ్వుచున్నారని నిందించు అధికారము లేదు.

కావున రాబోవు ఉత్సవమున అరగంట కాలమును మేము కోరుచున్నాము. ఐదు నిమిషముల బొమ్మల చిత్రమొకటి ధ్వని తీసివేసి తెరపై వేయుదము. తెర ప్రక్కన మన ఊరి వాద్యకారులు కూర్చుండి, బొమ్మ పడినప్పుడెల్ల మద్దెల కొట్టుదురు. మన పిల్లలకు తెలిసిన కోలాటపు వరుసలు, లాలిపాటల వరుసలు అందులో దొర్లించుదురు. మొదటినాడు తాళము తప్పును, తప్పనిండు. పెద్దలు ముందు వరుసలో కూర్చుండవలెనని మా ప్రార్థన. హార్మోనియము మా ఇంట ఉన్నది, దానికి రెండు మెట్లు పలుకవు. చెక్కపలకకు వడ్రంగితో మాటాడితిమి. మద్దెల పట్టువారి కొరకు చుట్టుప్రక్కల పల్లెలలో వెదకుచున్నాము, ఎరిగినవారు తెలుపగలరు.